యిర్మీయా 29:11 ను యవ్వనస్థుల కూడికలో ఎలా చదివించాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ వందనాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దాన కార్డుల్లో (కొత్త ఏడాదికి ఒక్కో బైబిలు వచనం రాసి ఉండేవి) మా సంఘానికి యిర్మీయా 29:11 వచ్చింది. మీ గురించిన నా ఆలోచనలు కీడుకు కాదు, క్షేమానికే, మీకు నిరీక్షణ కలగడానికే అని దేవుడు చెప్పే మాట అది. దాన్నే యవ్వనస్థుల గృహ కూడికలో చదివించమని అయ్యగారు నాకు అప్పగించారు. పది పన్నెండు మంది వస్తారు, గంటంబావు సమయం ఉంటుంది. ప్రసంగంలా కాకుండా అందరూ కలిసి చదివి అర్థం చేసుకునేలా ఉండాలని నా ఉద్దేశం. ఒక్క వచనంతో గంటంబావు ఎలా నడపాలి? ఏది ముందు, ఏది తర్వాత? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సగం మంది ఒడియా మీడియంలో చదువుకున్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు.

జవాబు (రాయగడ నుంచి)

తమ్ముడూ, ముందు ఆ ఒక్క వచనం పట్టుకుని కూర్చోవడం మానెయ్యి. అది ఒక ఉత్తరం మధ్యలోని వాక్యం. ఇంటికొచ్చిన ఉత్తరంలో మధ్య లైను ఒక్కటీ చదివి మడిచి పెట్టెయ్యం కదా, ఇదీ అంతే. ఆ ఉత్తరం యిర్మీయా 29:1 దగ్గర మొదలవుతుంది. యెరూషలేములో ఉన్న ప్రవక్త బబులోనుకు చెరగా పోయినవాళ్ళకు రాసి పంపాడు. వాళ్ళెవరో 2వ వచనంలోనే ఉంది: యెకొన్యా రాజుతో పాటు పోయినవాళ్ళు. అది క్రీ.పూ. 597 నాటి చెర. దాని కథ 2 రాజులు 24:10-17 లో దొరుకుతుంది, నువ్వు ముందురోజు చదువుకుని వెళ్ళు. కూడికలో దాన్ని రెండు నిమిషాల్లో చెప్పెయ్యొచ్చు.

ఇక 28వ అధ్యాయం వదిలేస్తే 29:11 తప్పకుండా తప్పుగానే అర్థమవుతుంది. అక్కడ హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ, రెండేళ్ళలో చెర అయిపోతుందని దేవుని పేరున చెప్పాడు (28:3, 11). బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడమీద పెట్టుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు. జనానికి నచ్చే మాట అదే. యిర్మీయా ఉత్తరం దానికి ఎదురు నిలబడి డెబ్బై ఏళ్ళని చెప్తుంది (29:10). అంటే ఈ ఉత్తరం విన్న ముప్పై ఏళ్ళవాడు తిరుగు ప్రయాణం చూడడు. 11వ వచనంలోని నిరీక్షణ ఆ డెబ్బై ఏళ్ళ మాట వెనకే వస్తుంది. ఈ సంగతి తెలిశాక కార్డు మీద ఒంటరిగా చదివిన వచనం వేరే బరువుతో వినబడుతుంది.

కాబట్టి చదవాల్సింది 28:1-17, 29:1-14. మొత్తం 31 వచనాలు. గంటంబావును ఇలా పంచుకో: ప్రార్థన, నేపథ్యం 5 నిమిషాలు, పైకి రెండుసార్లు చదవడం 12, వాక్యంలో ఏముందో చూడడం 25, దాని అర్థం 15, మనకు అన్వయం 13, చివరి ప్రార్థన 5. చూడడానికే ఎక్కువ సమయం ఇచ్చానని గమనించు. మన కూడికలు పాడయ్యేది ఇక్కడే. చదవగానే "ఈ వచనం నీతో ఏం మాట్లాడింది?" అని అడిగేస్తాం. పన్నెండు మంది పన్నెండు చెప్తారు, వాక్యం వైపు మళ్ళీ ఎవరూ చూడరు.

చూసే ఆ 25 నిమిషాల్లో జవాబు పేజీలోనే దొరికే ప్రశ్నలే అడుగు. ఎవరు రాస్తున్నారు, ఎవరికి? వాళ్ళను చెరగొనిపోయింది ఎవరని 1వ వచనం అంటోంది, ఎవరని 4వ వచనం అంటోంది? (మొదటిదానిలో నెబుకద్నెజరు, రెండోదానిలో "నేను" అని దేవుడే. ఇది నువ్వు చెప్పొద్దు, వాళ్ళనే పట్టుకోనివ్వు. ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన గమనింపు ఇదే.) 5 నుంచి 9 వరకు ఏమేం చెయ్యమన్నాడు, ఏం చెయ్యొద్దన్నాడు? ఇళ్ళు కట్టుకోవడం, తోటలు నాటడం, పెళ్ళిళ్ళు, పిల్లలు, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థన, కలలు చెప్పే ప్రవక్తల మాట వినకపోవడం. ఒక్కొక్కటి వాళ్ళ చేతనే కాగితం మీద రాయించు. కాలం చెప్పే మాటలన్నిటి కిందా గీత గీయించు.

మన పాత అనువాదంలో ఇంకో సాయం ఉంది. అందులో "మీరు" మర్యాదకు వాడింది కాదు, ఎక్కువమందిని ఉద్దేశించినది. ఒక్కరితో అయితే "నీవు" అనే ఉంటుంది. లూకా 22:31-32 చూడు, సాతాను "మిమ్మును" కోరుకున్నాడు, యేసు "నీ" నమ్మిక కోసం వేడుకున్నాడు. 29:11 లో ఉన్నది "మిమ్మును". అది ఒక జనానికి చెప్పిన మాట.

డెబ్బై ఏళ్ళు ఎక్కడినుంచి లెక్కపెట్టాలన్న చర్చ ఎవరైనా తెస్తే, అది మరో రోజుకని చెప్పి పక్కన పెట్టు. లేకపోతే కూడిక అక్కడే ఆగిపోతుంది.

జవాబు (గుణుపురం నుంచి)

తమ్ముడూ, ఒడియా చదువు పిల్లల గురించి. ఒక్కొక్కరు ఒక్కో వచనం వరసగా చదివే అలవాటు ఈ కూడిక వరకైనా మానిపించు. తన వంతు వచనం ఎక్కడ తప్పు చదువుతానో అన్న భయంలో పిల్ల మిగతాది వినదు. పైగా వచనాల అంకెలు రాసినవాళ్ళు పెట్టినవి కావు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినది. కొత్త నిబంధన వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అచ్చువేసిన ప్రతిలో వచ్చాయి. కొన్నిచోట్ల ఆ గీత ఆలోచనకు అడ్డంగా పడింది. యెషయాలో బాధపడే సేవకుని పాట 53:1 దగ్గర కాదు, 52:13 దగ్గర మొదలవుతుంది. 1 కొరింథీయులు 11:1 పదో అధ్యాయానికి చెందిన మాట.

అందుకని వచనాలుగా కాకుండా ముక్కలుగా పంచు: 29:1-3, 4-7, 8-9, 10-14. తెలుగు బాగా చదివే ఇద్దరు నెమ్మదిగా పైకి చదవాలి, మిగతావాళ్ళు ఒడియా బైబిలు తెరుచుకుని వేలు పెట్టుకుంటూ రావాలి. 28వ అధ్యాయానికి ముగ్గుర్ని పెట్టు: ఒకరు యిర్మీయా మాటలు, ఒకరు హనన్యా మాటలు, ఒకరు మిగతా కథనం. గొడవ ఎక్కడుందో చెవికే తెలిసిపోతుంది. రెండోసారి చదివేటప్పుడు ఒడియా ముక్కను ఒడియాలోనే వాళ్ళచేత చదివించు, సిగ్గు పోతుంది. రెండు భాషల్లో తేడాగా అనిపించిన చోటు కాగితం మీద రాసుకో, అప్పటికప్పుడు తీర్పు చెప్పకు.

ప్రశ్న (జయపురం నుంచి, సంఘ కాపరి)

మీరు చెప్పిన క్రమం బాగుంది. కానీ నా సందేహం వేరే. కార్డులో వచ్చిన మాట పట్టుకుని ఏడాదంతా ప్రార్థించే తల్లులున్నారు. "అది చెరవారికి రాసినది, మీకు కాదు" అంటే వాళ్ళ చేతిలో ఏం మిగులుతుంది?

జవాబు (రాయగడ నుంచి)

అయ్యగారూ, "మీకు కాదు" అని ఆపేసినా అది తప్పు చదువే అవుతుంది. పూర్వం రాయబడినవన్నీ మనకు బోధ కలగడానికే అని రోమా 15:4 చెప్తోంది. అయితే ఆ మాట మన దగ్గరికి వచ్చే దారి ఒకటుంది, దాన్ని దాటవెయ్యకూడదు. మొదట వాళ్ళకు ఏం చెప్పాడు? దాన్నిబట్టి దేవుడు ఎలాంటివాడని తెలుస్తోంది? ఆ వాగ్దానం క్రీస్తులో ఎక్కడికి చేరింది (2 కొరింథీయులు 1:20)? మన వంతు ఆ తర్వాత.

డెబ్బై ఏళ్ళు, యెరూషలేముకు తిరిగి రావడం వాళ్ళవి. పరీక్షలో ర్యాంకు, ఉద్యోగం, స్థలం రిజిస్ట్రేషను ఇందులో లేవు. శిక్షించిన చేతితోనే దేవుడు తన జనాన్ని కాపాడతాడన్నది మనకూ నిజం. త్వరగా అయిపోతుందని చెప్పే ప్రతి ప్రవచనాన్నీ నమ్మకూడదన్నదీ మనకు నిజమే. పరాయి ఊళ్ళో ఉన్నా ఆ ఊరి క్షేమం కోరాలన్నది (29:7) ఇక్కడ ఒడియా, సవర, తెలుగు కుటుంబాలు కలిసి బతికే మనకు నేరుగా తగులుతుంది. కానీ ఈ అధ్యాయం మీద వచ్చే ప్రసంగాల్లో ఆ ఏడో వచనాన్ని ముట్టుకునేవి చాలా తక్కువ. అది నాకు బాధగా ఉంటుంది.

సూరత్‌లో పనికి వెళ్ళిన కొడుకు కోసం ఏడ్చే తల్లికి ఈ వచనాన్ని హామీ పత్రంలా ఇస్తే, రేపు చెడ్డ కబురు వచ్చిననాడు ఆమె దేవుణ్ణే అబద్ధికుడు అనుకుంటుంది. ఆమెకు సూటిగా రాసినట్టున్న మాట ఫిలిప్పీయులకు 4:6-7. అక్కడ చింత ఉంది, ప్రార్థన ఉంది, సమాధానం కాపలా కాస్తుందన్న మాట ఉంది. ఫలితం ఇదీ అన్న లెక్క లేదు.

ఈ ప్రవచనాన్ని చదివినవాళ్ళు ఏం చేశారో తెలుసుకోవాలంటే దానియేలు 9:2-5 చదివించండి. డెబ్బై ఏళ్ళ సంగతి యిర్మీయా గ్రంథంలో చూసిన దానియేలు, ఎలాగూ జరుగుతుందిలే అని కూర్చోలేదు. ఉపవాసముండి, "మేము పాపము చేసితిమి" అని తన జనంతో కలిపి ఒప్పుకున్నాడు. వాగ్దానం చదివాక చెయ్యాల్సిన ప్రార్థనకు ఇంతకంటే మంచి మాదిరి నాకు కనబడదు.

ప్రశ్న (కోరాపుట్ నుంచి)

ఇదే పద్ధతిలో యెషయా 53:5 చెప్పగలరా? "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత" అన్న మాట పట్టుకుని మాత్రలు మానెయ్యమని చెప్పేవాళ్ళున్నారు. టీబీ మాత్రలు కూడా.

జవాబు (బరంపురం నుంచి)

అమ్మా, మందుల సంగతి ముందు చెప్తాను. టీబీ మాత్రలు సాధారణంగా ఆరు నెలలు వేసుకోవాలి. మధ్యలో ఆపితే క్రిములు మందుకు లొంగనివిగా మారతాయి, ఇంట్లో మిగతావాళ్ళకూ అంటుకుంటుంది. ఎవరు ఏ వచనం చూపించినా డాక్టరు చెప్పేదాకా ఆపొద్దు.

ఇప్పుడు వాక్యం. 53:5 మొత్తం చదివితే "మన యతిక్రమక్రియలను బట్టి", "మన దోషములను బట్టి" అని ముందే ఉంది. ఆ వచనంలో గాయానికి కారణం పాపం. పేతురు దీన్ని వాడిన చోటు 1 పేతురు 2:24. ఆ భాగం 2:18 దగ్గర మొదలై అన్యాయంగా దెబ్బలు తినే పనివాళ్ళతో మాట్లాడుతుంది. 25వ వచనం "గొఱ్ఱెలవలె దారితప్పిపోతిరి" అంటుంది. స్వస్థత అంటే అక్కడ తిరిగి కాపరి దగ్గరికి రావడం. అలాగని శరీరంతో సంబంధమే లేదనడమూ తొందరపాటే. మత్తయి 8:16-17 లో యేసు రోగులను బాగుచేసినప్పుడు యెషయా 53:4 నెరవేరిందని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి, ఒకటి చూపించి రెండోది దాచకూడదు.

తర్వాత అపొస్తలుల కాలంలో విశ్వాసులు ఎలా ఉన్నారో చూడండి. పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతి 5:23). త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యాడు, దేవుడు కనికరించాడు (ఫిలిప్పీయులకు 2:27). వీళ్ళలో ఎవరినీ విశ్వాసం లేనివాళ్ళని పౌలు అనలేదు. పెద్దల్ని పిలిచి ప్రార్థన చేయించుకోమని యాకోబు 5:14 చెప్తోంది. ప్రార్థన చేయించుకోండి, మాత్రా వేసుకోండి. ఒకటి చేస్తే రెండోది మానాలని ఏ వచనమూ అనదు.

మళ్ళీ ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అక్కకీ, అయ్యగారికీ, అందరికీ వందనాలు. రెండు చిన్న సందేహాలు. ఒకే మాట బైబిల్లో ఎక్కడెక్కడ ఉందో వెతికి కలిపి చదవడం సరైనదేనా? వ్యాఖ్యానాలు ఎప్పుడు తెరవాలి?

జవాబు (గుణుపురం నుంచి)

వెతకొచ్చు. కానీ మాట ఒకటే కాబట్టి అర్థమూ ఒకటే అనుకోకూడదు. సింహం 1 పేతురు 5:8 లో అపవాది, ప్రకటన 5:5 లో క్రీస్తు. పులిసిన పిండి మత్తయి 13:33 లో పరలోకరాజ్యానికి పోలిక, 16:6 లో పరిసయ్యుల బోధ. దగ్గరి నుంచి దూరానికి వెళ్ళు: ముందు అదే పేరా, తర్వాత అదే గ్రంథం, తర్వాత అదే రచయిత రాసిన మిగతావి, చివరికి మిగతా బైబిలు. కంకార్డెన్స్ (ఏ మాట బైబిల్లో ఎక్కడెక్కడ ఉందో చూపే పుస్తకం) తెరిచి దూరం నుంచి మొదలెడితే కావాల్సిన అర్థం ఎక్కడో ఒకచోట దొరికి తీరుతుంది, ప్రమాదం అదే.

ఏ రకం రచనో కూడా చూడు. సామెతలు 26:4 మూర్ఖునికి జవాబియ్యొద్దంటుంది, వెంటనే 26:5 ఇయ్యమంటుంది. సామెత సమయాన్నిబట్టి వాడేది, చట్టం కాదు. కథల్లో లేనివి కల్పించొద్దు. దావీదు ఏరుకున్న ఐదు రాళ్ళకు విశ్వాసం, ప్రార్థన అని పేర్లు పెడుతుంటారు. వాక్యం ఆ పేర్లు చెప్పలేదు, వాడింది ఒక్క రాయి. గెలుపు ఎందుకన్నది 1 సమూయేలు 17:45-47 లో దావీదు నోటే ఉంది.

జవాబు (రాయగడ నుంచి)

వ్యాఖ్యానం నీ కాగితం నిండాకే తెరువు. ముందే తెరిస్తే దాని ప్రశ్నలే నీ ప్రశ్నలైపోతాయి. తెరిచినప్పుడు కనీసం రెండు చూడు. రెండూ ఒకటే చెప్తే చాలావరకు నమ్మొచ్చు. వేర్వేరుగా చెప్తే ఎవరు వాక్యంలోని ఏ మాటను చూపిస్తున్నారో గమనించు. ఏదీ చూపించకుండా తేల్చేసేదాన్ని పక్కన పెట్టు. ఫోన్లో తిరిగే సందేశాలకూ ఇదే కొలత. వచనం అంకె వేసి ఉంటే చాలదు, తెరిచి ముందూ వెనకా పదేసి వచనాలు చదివి చూడాలి.

వచ్చే వారానికి "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" (ఫిలిప్పీయులకు 4:13) తీసుకో. పౌలు రాసిన ఆ ఉత్తరం మొత్తం నాలుగు అధ్యాయాలే, 104 వచనాలు. ఒక్క బిగిన పైకి చదివించు. 1:13 లో బంధకాలు, 4:11-12 లో ఆకలీ సమృద్ధీ, 4:18 లో ఎపఫ్రొదితు తెచ్చిన కానుక, ఈ మూడింటి కిందా గీత గీయమను. "సమస్తము" అంటే ఏమిటని అప్పుడు అడుగు.