పదేళ్ల పిల్లను కర్నూలు రోడ్ల మీద సైకిల్‌తో బడికి పంపడం సబబేనా?

కల్లూరు నాన్న:
మా పెద్దమ్మాయికి పదేళ్లు, ఐదో తరగతి. మాది కల్లూరు వైపు. బడి హంద్రీ నది అవతల, మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇన్నాళ్లూ ఆటోలో పోయేది. ఇప్పుడు సైకిల్ మీద పోతానని పట్టుబట్టింది. నాకు పంపాలనే ఉంది. మా ఆవిడ ఎటూ తేల్చదు. మా అమ్మ మాత్రం "ఆడపిల్లను ఆ బండ్ల మధ్యకు తోలతావా" అని రెండు పూటలా తగులుకుంటోంది.

ఊరికే పుట్టిన కోరిక కాదిది. ఆదివారాలు ఇంటిల్లిపాదీ సైకిళ్ల మీదే బయటికి పోతాం. మా ఆవిడకొకటి, పాపకొకటి, నా దాని ముందు రాడ్డుకు బిగించిన బుల్లి సీటు మీద చిన్నోడు. తెల్లారకముందే బయల్దేరి కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు పట్టుకుని కొంత దూరం, లేదంటే కొండారెడ్డి బురుజు దాకా, ఆడి నుంచి తుంగభద్ర ఒడ్డుకు. వచ్చేటప్పుడు ఉగ్గాని బజ్జి. కారులో పోతే వెనక సీట్లో ఫోన్‌లోంచి తల ఎత్తని పిల్ల, సైకిల్ మీద పోతే ప్రతి సందు దగ్గరా ఆపమంటుంది. ఒకసారి పాత బస్తీలో ఒక ఇంటి గోడ మీద పెయింటుతో గీసిన గీత చూసింది. 2009 అక్టోబరులో వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంటాయన గుర్తు పెట్టుకున్నాడు. ఆ గీత కింద నిలబడి చెయ్యి పైకెత్తింది, అందలేదు. మునివేళ్ల మీద లేచింది, అయినా అందలేదు. తర్వాత ఇంటికొచ్చే దాకా ప్రశ్నలే. నది ఏ వైపు నుంచి వచ్చింది, జనం ఎక్కడికి పోయారు, బురుజు మునిగిందా. కాలువ గట్టు మీద పోతుంటే ఇందులో ఒకప్పుడు పడవలు తిరిగేవని, తవ్వించిన మద్రాసు కంపెనీ నడపలేకపోతే 1882లో ప్రభుత్వం కొనుక్కుందని చెప్పినా అంతే. ఊరు ఆ పిల్లకు సొంతమవుతోంది. అది నాకు చాలా ముఖ్యం.

ఆటో సంగతి చెప్తా. పదిమంది పైగా పిల్లలు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు, బయటికి వేలాడే సంచులు. దాన్ని మా ఇంట్లో ఎవరూ ప్రమాదం అనరు. సైకిల్ అనగానే అందరికీ గుండెలు జారిపోతాయి. మీలో ఎవరైనా పంపుతున్నారా? ఏ వయసు నుంచి పంపారు?

బుధవారపేట అమ్మ:
అన్నా, ఆదివారం తెల్లారుజామున ఉండే రోడ్డు వేరు, సోమవారం ఎనిమిదిన్నరకు ఉండే రోడ్డు వేరు. ఆదివారం మీరు పక్కనుంటారు. సోమవారం ఉండరు. ఈ రెండూ ఒకటే అనుకుని మాట్లాడొద్దు, దండం పెడతా.

మా వాడు ఆరో తరగతిలో ఉండగా నేనూ పంపినా. ఎడమ వైపే పోతున్నాడు, బుద్ధిగానే పోతున్నాడు. ఎదురు దారిలో వచ్చిన బైకు హ్యాండిల్ తగిలి పడ్డాడు. మోచెయ్యి విరిగింది. బైకాయన ఆగి కూడా చూడలేదు. ఇడ్లీ బండి దగ్గరున్నోళ్లు లేపి ఫోన్ చేసినారు. కట్టు విప్పినాక కూడా ఆ చెయ్యి పూర్తిగా చాపడానికి వాడు పడిన అవస్థ నేను మర్చిపోలేను. వాడి తప్పేం లేదు, నేర్చుకోనిదేం లేదు. ఎదుటోడికి బుద్ధి లేకపోతే మన పిల్లకు ఎంత వచ్చినా ఏం లాభం?

పిల్లకు ఊరు చూపించాలన్న మీ ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. ఆదివారాలు చూపించండి. బడికి మాత్రం వద్దు.

లెక్కల సారు (రిటైర్డ్):
"మా కాలంలో మేం తొక్కలేదా" అనేవాళ్లతో నేను కలవను. మేం తొక్కినప్పుడు రోడ్డు మీద ఉన్నవి సైకిళ్లు, ఎద్దుల బండ్లు, ఎప్పుడో ఒక బస్సు. రాడ్డు కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ నడిరోడ్డు మీద పడినా లేచి దులుపుకుని పోయేంత తీరిక ఉండేది. ఆ రోడ్డు ఇప్పుడు లేదు.

కానీ అమ్మా, లెక్క ఒకసారి చూడండి. బండి వేగం రెట్టింపయితే, బ్రేకు వేశాక అది ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. అందుకే నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లూ బండ్లతో కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటనివ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీవాడి చెయ్యి విరిచింది సైకిల్ కాదు, ఆ బైకు వేగం, అది వచ్చిన దిక్కు. మనం భయపడి పిల్లల్ని రోడ్డు మీద నుంచి తీసేస్తే ఆ బైకాయనకు దారి మరింత ఖాళీ అవుతుంది. ఇంకాస్త వేగంగా పోతాడు.

ఇంకొకటి నన్ను చాలా బాధపెడుతోంది. ఐదో తరగతిలో సైకిల్ వద్దన్న ఇళ్లలోనే తొమ్మిదో తరగతికి స్కూటీ తాళాలు చేతికిస్తున్నారు. మైనరు బండి నడిపి ప్రమాదం చేస్తే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. రోడ్డు చదవడం నేర్చుకోవలసింది సైకిల్ మీద, నెమ్మదిగా పోయే వయసులో. ఆ మెట్టు ఎగరగొట్టి పిల్లవాడిని నేరుగా 60 వేగానికి ఎక్కించడం అన్యాయం.

ఎముకల వార్డు సిస్టర్:
నేను చూసేది చెప్తా. పంపమనీ వద్దనీ చెప్పను.

మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సొంతంగా సైకిల్ తొక్కుతూ పడినోళ్ల కంటే పెద్దోళ్ల బైకుల మీద నుంచి పడినోళ్లే ఎక్కువ. ట్యాంకు మీద కూర్చున్నోళ్లు, స్కూటీ ముందు నిలబడినోళ్లు. నాన్నకు హెల్మెట్ ఉంటుంది, బిడ్డకుండదు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బైకు మీద హెల్మెట్ ఉండాలని చట్టం. నాలుగేళ్ల లోపు పిల్లలుంటే బిడ్డను బండి నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టు, పిల్లకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. 2022లోనే ఈ నిబంధన తెచ్చారు. ఆ బెల్టు కట్టుకున్న బిడ్డను నేనింతవరకు చూడలేదు.

సైకిల్ వల్ల వచ్చేది మాత్రం ఒకటుంది, అన్నా మీరు వినాలి. చిన్నపిల్లల మడమ. సైకిల్ మీద కూర్చున్న బిడ్డ కాలు ఊపుతుంది, చక్రం పుల్లల్లో పడుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, మడమ వెనక చర్మం మొత్తం లేచిపోతుంది. మానడానికి వారాలు పడుతుంది, కొందరికి తొడ నుంచి చర్మం తీసి అతకాల్సొస్తుంది. పెద్దమ్మాయి గురించి ఇంత ఆలోచిస్తున్నారు. ముందు సీట్లో ఉన్న చిన్నోడి కాళ్లు ఎక్కడ పెట్టుకుంటాడు?

కల్లూరు నాన్న:
సిస్టర్, మంచి మాట అడిగారు. ముందు సీటుకు రెండు వైపులా కాలు పెట్టుకునే కమ్మీలు వేయించినా, పాదం జారకుండా పట్టీలు ఉన్నాయి. మా ఆవిడ సైకిల్‌కు వెనక చక్రం రెండు వైపులా జాలీ ఉంది. వెనక క్యారియర్ మీద పిల్లల్ని ఎక్కించం. మీ మాట చదివినాక పట్టీలు మళ్లీ గుంజి చూసినా, గట్టిగానే ఉన్నాయి.

బుధవారపేట అక్కా, మీవాడి చెయ్యి సంగతి చదివి మనసు కలుక్కుమంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

సైకిల్ షాపు:
అన్నా, మా అంగడికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఒకే మాట చెప్తారు: "పెద్ద సైజు ఇవ్వప్పా, పెరుగుతాడు కదా". షర్టు అయితే వదులుగా కొనొచ్చు. సైకిల్ వదులుగా కొంటే పిల్ల కాలు నేలకందదు. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు కాళ్ల మునివేళ్లూ నేలకు ఆనాలి. పదేళ్ల పిల్లకు ఎత్తును బట్టి 20 లేదా 24 అంగుళాల చక్రం సరిపోతుంది. వయసు చూసి కాదు, ఎక్కించి చూసి తీసుకోండి.

ఇంకా ముఖ్యం బ్రేకు. పిల్ల వేళ్లు బ్రేకు పిడికి అందుతాయో లేదో చూడండి. చాలా సైకిళ్లలో పిడి పెద్దోళ్ల చేతికి సరిపడా దూరంగా ఉంటుంది. చిన్న స్క్రూ తిప్పితే దగ్గరికొస్తుంది, అడిగితే ఎవరైనా చేసిస్తారు. ఎవరూ అడగరు. పాపను ఖాళీ స్థలంలో బాగా తొక్కించి "ఆపు" అని అరవండి. ఎక్కడ ఆగిందో చూడండి. అది చూసినాక పంపాలో వద్దో మీకే తెలుస్తుంది.

పుస్తకాల సంచి వీపున వద్దు. క్యారియర్‌కు కట్టాలి.

లెక్కల సారు (రిటైర్డ్):
సంచి మాట నిజం. సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి కేంద్ర విధానం. 30 కిలోల పిల్లకు మూడు కిలోలు. ప్రైవేటు బడి పిల్లల సంచి ఎత్తి చూస్తే ఆ నియమం ఎక్కడా కనపడదు. వీపు మీద అంత బరువుతో వంతెన ఎక్కేటప్పుడు హ్యాండిల్ ఊగుతుంది.

కోడుమూరు అమ్మాయి (డిగ్రీ చదువుతున్నా):
నాకు తొమ్మిదిలో గవర్నమెంటు బళ్లో 'బడికొస్తా' పథకం కింద సైకిల్ ఇచ్చారు. ఆ సైకిల్ లేకపోతే నేను పదో తరగతి దాటేదాన్ని కాదు, ఇది నిజంగా చెప్తున్నా. ఆటో ఛార్జీలకు మా నాయనకు కుదిరేది కాదు.

"ఆడపిల్ల" అంటున్న అవ్వకు నా మాటగా చెప్పండి అన్నా. ఏడిపించేవాళ్లు ఆటో స్టాండు దగ్గరా ఉంటారు, బస్టాండు దగ్గరా ఉంటారు. అక్కడ నేను నిలబడి ఎదురు చూడాలి. సైకిల్ మీద ఉంటే వాళ్లను దాటి పోయేదాన్ని. మేం ఒంటరిగా పోలేదు. మా వీధి పిల్లలందరం ఒకచోట చేరి గుంపుగా పోయేవాళ్లం. గుంపుగా పోతే లారీలు కూడా హారన్ కొట్టి నెమ్మదించేవి.

బుధవారపేట అమ్మ:
అమ్మా, నీ మాట నాకు నచ్చింది, నువ్వు ఇంకా పైకి రావాలి. కానీ నీకప్పుడు పద్నాలుగేళ్లు. వీళ్ల పాపకు పది. ఆ వయసులో దూరంగా వచ్చే బండి ఎంత జోరుగా వస్తుందో పిల్లలు సరిగ్గా అంచనా కట్టలేరు. దూరంగానే ఉంది కదా అని రోడ్డు దాటేస్తారు. అది పిల్లల తప్పు కాదు, ఇంకా ఆ చూపు కుదరలేదంతే. సారు చెప్పిన లెక్క ఆ బైకాయనకు చెప్పాలి, మా పిల్లల్ని రోడ్డు మీదకు తోలి ఆయనకు ఆ లెక్క నేర్పించకూడదు.

కల్లూరు నాన్న:
అక్కా, వయసు మాట పూర్తిగా ఒప్పుకుంటా. ఒంటరిగా పంపే మాట పక్కన పెడుతున్నా. కానీ సైకిల్ మాట మాత్రం వదలను. మధ్యలో ఒక దారి ఉంది.

నిన్న పొద్దున బడి వేళకే పాపతో కలిసి పోయినా. ఆమె ముందు, నేను వెనక, ఒక మూర కుడి వైపుకు జరిగి. ముందు నేనుంటే ఆమె ఏం చేస్తుందో నాకు కనపడదు. వెనక కుడికి ఉంటే వచ్చే బండి నన్ను చూసి పక్కకు పోతుంది. పెద్ద రోడ్డు వదిలేసి కాలనీ లోపలి సందులు పట్టుకుంటే కొంచెం చుట్టు, కానీ కుక్కలు తప్ప ఎవరూ అడ్డం రారు. వంతెన దగ్గర దిగి సైకిల్ నడిపించుకుంటూ దాటినాం. ఆమెకు నచ్చలేదు, నేను పట్టు వదల్లేదు.

నాకు అసలు భయం వేసింది వంతెన దగ్గర కాదు. బడి గేటు ముందు. ఎనిమిదీ ముప్పావుకు అక్కడ కార్లు రెండు వరసల్లో ఆగుతాయి, స్కూటీలు ఎదురెదురుగా దూరతాయి, ఒకాయన కారు తలుపు వెనక చూడకుండానే తెరిచాడు. పాప బ్రేకు వేసింది, సైకిల్ షాపు తమ్ముడు చెప్పినట్టు పిడి దగ్గరికి జరిపించడం పనికొచ్చింది. ఆ తలుపు తెరిచినాయన కూడా తన బిడ్డను దించడానికే వచ్చాడు. మన పిల్లలకు అన్నింటికంటే ప్రమాదమైన చోటు మనమే తయారు చేస్తున్నాం, తల్లిదండ్రులమే.

అందుకని మా వైపు నుంచి ఆ బడికి పోయే పిల్లలను గుంపుగా కలిపి, రోజుకొక నాన్నో అమ్మో వెనక పోయేటట్టు చూడాలనుకుంటున్నా. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు మొదలయితే మధ్యాహ్నం ఎండలో తిరిగి రావాలి. ఆ నెలన్నర ఆటోనే, దాంట్లో నాకు మొండితనం లేదు. గేటు సంగతి మాత్రం హెడ్మాస్టరుకు రాసి ఇస్తా: బడి వేళకు అరగంట ముందు నుంచి ఆ సందులోకి కార్లు, బైకులు రాకూడదు, మెయిన్ రోడ్డు దగ్గరే దించి పిల్లల్ని నడిపించాలి. వాచ్‌మన్‌ను, ఇద్దరు పెద్దోళ్లను నిలబెడితే చాలు.

ఎముకల వార్డు సిస్టర్:
గుంపులో హెల్మెట్ లేని పిల్లను రానివ్వొద్దు అన్నా. మొదటి రోజు నుంచే రూలు పెట్టండి, తర్వాత పెడితే ఎవరూ వినరు.

బుధవారపేట అమ్మ:
మా వాడిని నేను పంపను. ఆ చెయ్యి చూసిన తర్వాత నాకు ధైర్యం చాలదు. మీరంతా వెనక నడిచినా చాలదు, ఇప్పుడప్పుడే మారదు. కానీ గేటు అర్జీ మీరు రాయండి అన్నా, మా బడికీ అదే గొడవ. ఏం రాసినారో ఇక్కడ పెడితే నేను మా హెడ్మాస్టరమ్మకు అట్లే రాసి ఇస్తా. రేపు నేను కూడా స్కూటీ మెయిన్ రోడ్డు దగ్గరే ఆపి, వాడిని నడిపించుకుంటా పోతా.