హాలోవీన్ గుమ్మడికాయ: కోరలు విరగకుండా, పండగ రాక ముందే బూజు పట్టకుండా చెక్కేదెలా?

గుమ్మడిపువ్వు:
అక్టోబర్ 31 రాత్రికి గుమ్మం ముందు పెట్టడానికి ఒక భయంకరమైన ముఖం చెక్కాలి. కాయ అడుగు ఎత్తుంది, అడుగు భాగం చదునుగానే ఉంది. మూత పైన కోయాలా, వెనక కోయాలా? కోరపళ్లు సన్నగా చెక్కితే విరిగిపోతాయంటారు, ఉపాయం ఉందా? ఎన్నాళ్ల ముందు చెక్కాలి? వంటింటి చాకు సరిపోతుందా?

రంపపుపొట్టు:
చాకు వద్దండీ. వెడల్పాటి బ్లేడు కాయలో ఇరుక్కుంటుంది, గట్టిగా లాగితే ఒక్కసారిగా జారి చేతి మీదికొస్తుంది. గుమ్మడి చెక్కే సెట్లలో వచ్చే సన్న రంపం చూడ్డానికి ఆటబొమ్మలా ఉంటుంది గానీ, మలుపుల దగ్గర తిరిగేది అదొక్కటే. నొక్కకుండా, పైకీ కిందికీ మెల్లగా ఆడించాలి.

మూత విషయంలో నా ఓటు వెనక్కే. పైన కోస్తే కాయ ఎండేకొద్దీ మూత ముడుచుకుని లోపల పడిపోతుంది. పైనే కోయాలనుకుంటే రంపాన్ని నిటారుగా దించకండి. మొన కాయ నడిమికి చూసేలా 45 డిగ్రీల వాలులో కోస్తే మూత ఆ వాలు మీద ఆగుతుంది. అంచులో ఒకచోట చిన్న త్రికోణపు గంటు పెట్టుకుంటే మళ్లీ మూసేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

గింజలు, పీచు తీసేశాక అసలు పని మొదలు. ముఖం వచ్చే వైపు గోడను గట్టి చెంచాతో అంగుళం మందం వచ్చేదాకా గీరాలి. ఎంత ఉందో తెలియాలంటే, ఎలాగూ తీసేసే కంటి నడుమ పంటిపుల్ల గుచ్చి చూడండి. రెండంగుళాల గోడలో కన్ను చెక్కితే సొరంగంలా ఉంటుంది, పక్కన నిలబడి చూసేవాళ్లకు వెలుగే కనబడదు. అలాగని అరంగుళానికి దించితే పళ్లు మర్నాటికే లోపలికి వంగిపోతాయి.

కోరమీసం:
కోర విరిగేది కొన సన్నగా ఉండి కాదు, మొదలు సన్నగా ఉండి. మొదట్లో అంగుళం వెడల్పు ఉంచి కొనకు తీసుకురండి. పై పళ్లు, కింది పళ్లు ఎదురెదురుగా కాకుండా ఒకదాని సందులో ఒకటి వచ్చేలా గీయండి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వరస కుదిరిందంటే భయం పోయి నవ్వు ముఖం వచ్చేస్తుంది. కనుబొమలు ముక్కు వైపుకి బాగా దిగాలి.

బొమ్మను కాగితం మీద గీసి, టేపుతో కాయకు అంటించి, గీత వెంబడే గుండుసూదితో దగ్గరదగ్గరగా పొడవండి. కాగితం తీసేసి చుక్కల మీద కాస్త పిండి రుద్దితే తెల్లగా తేలతాయి. ముందు ముక్కు, తర్వాత కళ్లు, ఆఖరికి నోరు. నోరు ముందే తెరిస్తే ఆ పైభాగానికి ఆసరా పోతుంది, కళ్లు కోసేటప్పుడు పడే ఒత్తిడికి పళ్లు చిట్లుతాయి. నోటి ముక్కను ఒక్కటిగా తోయకండి. ఎక్కడో ఓ మూల తెగకుండా మిగిలి, పక్క పన్నును కూడా పట్టుకొచ్చేస్తుంది. నాలుగైదు ముక్కలు చేసి ఒక్కొక్కటే తీయండి. అయినా విరిగితే పంటిపుల్లను సగం పన్నులోకి, సగం చిగురులోకి గుచ్చి నిలబెట్టొచ్చు.

కంటిలో గుడ్డు ఉంచాలనుకుంటే అది రెప్పకు ఎక్కడో ఒకచోట అతుక్కునే ఉండాలి, లేదంటే ఊడి లోపల పడుతుంది. ముఖం మీది ముడతలకు గోడ అవతలిదాకా కోయకుండా తొక్క మాత్రం చెక్కేయండి, అక్కడ వెలుగు మసకగా, తేనెరంగులో వస్తుంది. మట్టిబొమ్మలు చెక్కే తీగ పనిముట్టు దీనికి భేషుగ్గా పనికొస్తుంది. తీసిన పీచంతా పారేయకండి, నోట్లోంచి కక్కుతున్నట్టు పరిస్తే చాలా అసహ్యంగా, అంటే మీకు కావలసినట్టే, ఉంటుంది.

బూజుశత్రువు:
రెండు రోజుల ముందు చెక్కండి, మూడు దాటొద్దు. కోసిన చోట నీరు ఆరిపోయి ముడతలు పడతాయి, తడి నిలిచిన చోట బూజు వస్తుంది. ఈ రెండింటికీ మందు వేరు.

బూజుకి: నాలుగు లీటర్ల నీళ్లలో ఒక టేబుల్ స్పూను బ్లీచ్ కలిపి, చేతితొడుగులు వేసుకుని, కోసిన అంచులు, లోపలి గోడ తడిపి పూర్తిగా ఆరనివ్వండి. ఇందులో వెనిగర్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. ముడతలకి: ఆరాక కోసిన అంచులకు పలచగా వాసెలిన్. తడి మీద రాస్తే తేమ లోపలే ఉండిపోయి ఇంకా తొందరగా కుళ్లుతుంది. అప్పటికే వాడిపోయి ఉంటే కాయను కొన్ని గంటలు చన్నీళ్లలో ముంచండి, చాలావరకు బిగుస్తుంది. రాత్రి గడ్డకట్టే చలి ఉంటే లోపల పెట్టండి, గడ్డకట్టి కరిగిన కాయ మెత్తబడి కూలిపోతుంది.

గుమ్మడిపువ్వు:
థాంక్సండీ. లోపల కొవ్వొత్తి పెట్టొచ్చా?

బూజుశత్రువు:
వాసెలిన్ రాస్తే వద్దు, అది మండే సరుకు. బ్యాటరీ ఎల్‌ఈడీ పెట్టండి, కాయ ఉడకదు, పిల్లల బట్టలు అంటుకునే భయమూ లేదు.

రంపపుపొట్టు:
ఎల్‌ఈడీని నోటికి సూటిగా పెట్టకండి, బల్బే కనబడుతుంది. కాస్త వెనక్కి జరిపి వెనక గోడకు అల్యూమినియం ఫాయిల్ ఆనించండి. వెనక కోసిన మూత ఎలాగూ చేతికి అందుతుంది కాబట్టి, చీకటి పడ్డాక వీధిలోంచి చూసుకుంటూ సర్దుకోవచ్చు.