యార్క్‌షైర్ పాత మఠాలు: అమ్మానాన్నలకు ఏవి చూపించాలి? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

తణుకు_టు_లీడ్స్:
అందరికీ నమస్కారం. మే నెలలో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, ఆరు వారాలు ఉంటారు. నాన్నగారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. లండన్ తీసుకెళ్తానంటే, "లండన్ టీవీలో చూస్తూనే ఉన్నాం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ క్రైస్తవ మఠాలు మూయించాడని పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పాను. ఆ మూసినవాటిలో ఒక్కటైనా కళ్ళతో చూడాలి" అన్నారు. తీరా చూస్తే యార్క్‌షైర్ నిండా అవే ఉన్నాయి. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ ఎక్కలేరు. అమ్మకి చరిత్ర మీద పెద్దగా ఆసక్తి లేదు. మూడో నాలుగో ఎంచుకుందామని. అన్నీ ఒకేలాంటి మొండిగోడలేనా? దేనికదే తేడా ఉంటుందా?

రాతిమెట్లు:
లీడ్స్‌లోనే ఉన్నారు కాబట్టి కర్క్‌స్టాల్ అబ్బేతో (అబ్బే అంటే మఠమే) మొదలుపెట్టండి. సిటీ బస్సులో వెళ్ళొచ్చు, నేల చదునుగా ఉంటుంది. పక్కనే ఏర్ నది. చాలామంది అక్కడ పిల్లల్ని ఆడించుకుని, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. నేనూ రెండేళ్ళు అదే చేశాను. తర్వాత ఒకసారి ఒక్కణ్ణే వెళ్ళి, గదుల ప్లాన్ చేతిలో పట్టుకుని తిరిగాను. అప్పుడు అర్థమైంది.

చెప్పేదేమిటంటే, మొదట అక్కడ ప్లాన్ పట్టుకుని నేర్చుకోండి. చర్చి, దానికి దక్షిణాన నాలుగు వైపులా నడవా ఉన్న చదరపు ముంగిలి (క్లాయిస్టర్), తూర్పు వరసలో రోజూ అందరూ సమావేశమయ్యే చాప్టర్ హౌస్, దాని మీద పడకగది, దక్షిణాన భోజనశాల, పడమటి వైపు కూలీపని చేసే సోదరుల నివాసం. సిస్టర్షియన్లు (కఠిన నియమాలు పాటించే ఒక సన్యాసుల శాఖ) కట్టుకున్న మఠాలన్నిటికీ దాదాపు ఇదే పద్ధతి. ఒక మఠంలో ఇది పట్టుబడితే మిగతా చోట్ల గోడలు లేకపోయినా ఎక్కడ ఏముండేదో మీరే చెప్పేయగలరు. పడకగది చర్చిని ఆనుకుని పై అంతస్తులో ఎందుకుందంటే, రాత్రి ప్రార్థనకి లేచి మెట్లు దిగితే నేరుగా చర్చిలోకే. బయట మంచులో తిరగక్కర్లేదు.

కర్క్‌స్టాల్ సన్యాసులు 1147లో ముందు బార్నల్డ్స్‌విక్‌లో దిగారు. అక్కడ పంటలు సరిగా పండలేదు, చుట్టుపక్కల వాళ్ళతోనూ పడలేదు. 1152లో ఈ నది ఒడ్డుకి మారారు. 1539లో మఠం మూతపడ్డాక ఊరి రోడ్డు చర్చి మధ్యలోంచే వెళ్ళేది. 19వ శతాబ్దం దాకా బళ్ళు ఆ స్తంభాల మధ్య నుంచే నడిచాయట. నాన్నగారిని అక్కడ నిలబెట్టి ఈ మాట చెప్పండి.

అనూరాధ_హారోగేట్:
ఫౌంటెన్స్ అబ్బే వదలకండి తమ్ముడూ. రిపన్ దగ్గర. మోకాళ్ళ నొప్పులంటున్నారు కాబట్టి విజిటర్ సెంటర్ వైపు నుంచి కాకుండా వెస్ట్ గేట్ వైపు కారు పెట్టండి. విజిటర్ సెంటర్ నుంచి దిగేటప్పుడు బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే తెలుస్తుంది. మా అత్తగారిని అలా తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు మూడు చోట్ల కూర్చోబెట్టాల్సి వచ్చింది. చాలా బాధనిపించింది.

దీని పుట్టుక కథ ముందే చెప్పండి. 1132లో యార్క్ ఊళ్ళోని సెయింట్ మేరీస్ మఠంలో గొడవ. అక్కడ తిండి, సుఖాలు ఎక్కువయ్యాయని, పాత కఠిన నియమాలకి పోదామని కొందరు పట్టుబట్టారు. చూడ్డానికి వచ్చిన ఆర్చిబిషప్ థర్‌స్టన్ ముందే తోపులాట అయింది. ఆయన ఆ పదమూడు మందిని వెంటబెట్టుకుపోయి, డిసెంబరు చలిలో స్కెల్ వాగు లోయలో జాగా ఇచ్చాడు. చుట్టూ ముళ్ళపొదలు, రాళ్ళు. మొదటి చలికాలం చెట్టు కిందే గడిపారు. మూడేళ్ళలోపే సిస్టర్షియన్లలో చేరిపోయారు.

మఠం వాళ్ళు తర్వాత రాయించుకున్న కథలో ఒకటుంది. కరువు రోజుల్లో ఒకడు వచ్చి రొట్టె అడిగాడు. మఠంలో ఉన్నవే రెండున్నర రొట్టెలు, అవీ పనివాళ్ళ కోసం దాచినవి. మఠాధిపతి ఒకటి తీసి ఇమ్మన్నాడు. కాసేపటికి నేర్స్‌బరో కోట నుంచి బండెడు రొట్టెలు వచ్చాయి. మా అత్తగారు ఈ కథ విని "అన్నదానం ఊరికే పోదు" అని అక్కడే దణ్ణం పెట్టుకున్నారు.

ఉన్నిబస్తా:
అనూరాధ గారూ బాగా చెప్పారు. దానికి తరవాయి భాగం నేను చెప్తాను. నేను ఇక్కడ టెక్స్‌టైల్ కంపెనీలో చేస్తాను కాబట్టి నా చూపు ఉన్ని మీదే ఉంటుంది.

చెట్టు కింద మొదలైన ఆ మఠమే 1535లో రాజు లెక్కలు తీయించేసరికి ఏటా వెయ్యి పౌన్లకు పైగా ఆదాయంతో ఇంగ్లండ్ సిస్టర్షియన్లలోకెల్లా సంపన్నమైనది. కారణం గొర్రెలు. సిస్టర్షియన్లు ఊళ్ళకి దూరంగా, ఎవరికీ పట్టని కొండ భూములు తీసుకునేవాళ్ళు. అవి పంటకు పనికిరావు, గొర్రెలకు మాత్రం బంగారం. దూరంగా ఉన్న భూముల్లో గ్రేంజ్ అనే వ్యవసాయ క్షేత్రాలు పెట్టి లే బ్రదర్స్‌ని ఉంచేవాళ్ళు. వీళ్ళూ ప్రమాణం చేసినవాళ్ళే, కానీ చదువు రానివాళ్ళు. ప్రార్థన తక్కువ, పని ఎక్కువ. ఉన్ని ఇటలీ వర్తకులకు అమ్మేవాళ్ళు. గొర్రెల వీపు మీద ఉన్ని ఉండగానే, రాబోయే ఏళ్ళ సరుకుకి కూడా ముందే డబ్బు తీసుకునేవాళ్ళు. గొర్రెలకు తెగులు వచ్చినప్పుడు అప్పుల్లో పడ్డారు. మన దగ్గర పంట మీద ముందే అప్పు తెచ్చుకుని ఇరుక్కున్న రైతు సంగతి తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఫౌంటెన్స్‌లో పడమటి వరస కింద దాదాపు 300 అడుగుల పొడవున్న కమాన్ల హాలు ఉంటుంది. మధ్యలో ఒకే వరస స్తంభాలు. వాటి తలల నుంచి రాతి పక్కటెముకలు తాటి మట్టల్లా విచ్చుకుంటాయి. అందరూ అది పెద్ద చర్చి అనుకుంటారు. లే బ్రదర్స్ తిన్నదీ, సరుకు నిల్వ చేసిందీ అందులోనే. పడుకున్నది దాని పైన. 1349 నాటి ప్లేగు తర్వాత లే బ్రదర్స్ దాదాపు కనుమరుగయ్యారు, భూములు కౌలుకిచ్చేశారు. పొడవాటి గోపురం మాత్రం ఆఖరి రోజులది. 16వ శతాబ్దంలో మార్మడ్యూక్ హ్యూబీ అనే మఠాధిపతి కట్టించాడు, దాదాపు 160 అడుగులు. మొదటి రోజుల్లో సిస్టర్షియన్లకి ఎత్తు గోపురాలు నిషేధం. ఆ పదమూడు మంది చూస్తే ఏమనుకునేవారో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

తణుకు_టు_లీడ్స్:
ధన్యవాదాలండీ. ఇవన్నీ ప్రింట్ తీసి నాన్నకి పంపుతున్నాను. రీవో అబ్బే కూడా బాగుంటుందంటారు, నిజమేనా?

పొగమంచు:
రీవో నాకు అన్నిటికంటే ఇష్టం. ఇంగ్లీషులో స్పెల్లింగు చూసి నేను చాలాకాలం "రీవాల్క్స్" అనేదాన్ని. లోయ ఇరుకు కాబట్టి చర్చిని తూర్పు పడమరలుగా పెట్టలేక ఉత్తర దక్షిణాలుగా తిప్పి కట్టారు.

1132లో వాల్టర్ ఎస్పెక్ అనే ప్రభువు భూమి ఇస్తే, ఫ్రాన్స్‌లోని క్లెయిర్‌వో నుంచి వచ్చిన సన్యాసులు మొదలుపెట్టారు. 1147 నుంచి 1167 దాకా ఎల్రెడ్ మఠాధిపతి. ఆయన శిష్యుడు వాల్టర్ డేనియల్ లెక్క ప్రకారం అప్పట్లో 140 మంది సన్యాసులు, 500 మంది లే బ్రదర్స్. ఆఖరి పదేళ్ళు ఎల్రెడ్ కీళ్ళ జబ్బుతో, కిడ్నీ రాళ్ళ నొప్పితో బాధపడ్డాడు. ఆయన కోసం వైద్యశాల పక్కన చిన్న గది కట్టారు. రోజూ ఇరవై ముప్పై మంది సన్యాసులు వచ్చి మంచం చుట్టూ, మంచం మీద కూడా కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళట. ఆయన కసిరేవాడు కాదు. స్నేహం గురించి ఆయన రాసినది ఇప్పటికీ చదువుతారు. ఆ వైద్యశాల జాడలు చర్చికి వెనక వైపున ఉన్నాయి. అక్కడ పావుగంట కూర్చోండి.

1538లో మూసేనాటికి ఇరవై రెండు మందో ఎంతో మిగిలారు. పైకప్పు సీసం ఒలిచి, అక్కడి కలపతోనే మంట పెట్టి కరిగించారు. సీసం రాజుది కదా. ఆ దిమ్మలు కొన్ని కూలిన గోడ కింద ఉండిపోయి 1920లలో తవ్వకాల్లో బయటపడ్డాయి. వాటిని యార్క్‌లోని పెద్ద చర్చి యార్క్ మిన్‌స్టర్‌లో ఫైవ్ సిస్టర్స్ అనే పెద్ద కిటికీ అద్దాలను తిరిగి బిగించడానికి వాడారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆడవాళ్ళ జ్ఞాపకార్థం బాగుచేసిన కిటికీ అది. యార్క్ వెళ్తే తలెత్తి చూడండి.

రాతిమెట్లు:
రీవో దాకా వెళ్తే బైలాండ్ కూడా దగ్గరే, టికెట్ లేదు. ఆ సన్యాసులు మొదట్లో రీవోకి మరీ దగ్గరగా దిగారు. ఒకరి గంట మరొకరికి వినిపించి, ఏ గంట ఎవరి ప్రార్థనకో తెలియక ఇబ్బంది పడి చోటు మారారు. నేల మీద పచ్చ, పసుపు రంగు పెంకుల గచ్చు ఇంకా మిగిలుంది. పిల్లలుంటే దాని మీదకి వదలకండి.

విశాఖ_గాలి:
మీ అమ్మగారి కోసం విట్‌బీ. సముద్రం ఒడ్డున కొండ మీద. ఊళ్ళోంచి 199 మెట్లు. మీ నాన్నగారికి మెట్లు వద్దు, కొండ మీదే కార్ పార్కింగ్ ఉంది. గాలి మాత్రం మామూలుగా ఉండదు. మే నెలలో కూడా మంకీ క్యాప్ పెట్టించండి.

657లో హిల్డ్ అనే ఆవిడ ఇక్కడ మఠం పెట్టింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు ఇద్దరూ ఉండేవాళ్ళు, అందరి మీదా అధికారం ఆవిడదే. ఈస్టర్ ఏ రోజు చెయ్యాలన్న వివాదం 664లో ఇక్కడే తేలింది. పేరు తెలిసిన మొదటి ఇంగ్లీషు కవి కాడ్‌మన్ ఈ మఠంలో పశువుల కాపరి. విందులో వీణలాంటి వాయిద్యం చేతులు మారుతూ తన వంతు వచ్చేలోపే, పాట రాదని సిగ్గుపడి లేచిపోయేవాడట. ఒక రాత్రి కలలో ఎవరో పాడమంటే పాడాడు. హిల్డ్ ఆ పాట విని అతన్ని మఠంలో చేర్చుకుంది. ఇప్పుడు కనిపించే గోడలు మాత్రం చాలా తర్వాతి కట్టడం. 1914 డిసెంబరులో జర్మన్ ఓడల గుండ్లు కూడా తగిలాయి.

ఇంకో సంగతి. హిల్డ్ అక్కడి పాముల్ని రాళ్ళుగా మార్చేసిందని స్థానిక కథ. చుట్ట తిరిగిన ఆ రాళ్ళు అమ్మోనైట్ శిలాజాలు, ఊళ్ళో కొట్లలో అమ్ముతారు. మన సాలగ్రామాల్లో చక్రం కనిపించేది కూడా అమ్మోనైట్ వల్లే.

మౌనవ్రతం:
ఎవరూ మౌంట్ గ్రేస్ అనలేదేంటి? మిడిల్స్‌బరో వైపు వెళ్ళే ఏ19 పక్కనే. చదునుగా ఉంటుంది. ఇది వేరే తరహా. 1398లో మొదలైన కార్తూసియన్ (ఎవరికి వారు ఏకాంతంగా ఉండే సన్యాసుల శాఖ) మఠం. అందరూ ఒకే హాల్లో పడుకోవడం లేదు, ఒక్కొక్కరికీ రెండంతస్తుల చిన్న ఇల్లు, పెరడు. ఒక ఇంటిని అప్పటిలా కట్టి పెట్టారు. కింద నిప్పుగూడు ఉన్న గది, చదువుకునే చోటు, పడక. పైన మగ్గం. పెరట్లో గొట్టం ద్వారా వచ్చే నీళ్ళు, చివర కాలవ మీద మరుగుదొడ్డి. 600 ఏళ్ళ కిందట అటాచ్డ్ బాత్రూం అన్నమాట.

వాకిలి పక్క గోడలో చిన్న కిటికీ ఉంటుంది. అందులో చెయ్యి పెట్టి చూడండి. నేరుగా లోపలికి పోదు, మధ్యలో పక్కకి తిరుగుతుంది. భోజనం పెట్టినవాడి మొహం లోపలున్నాయనకి కనపడకూడదని అలా కట్టారు. వీళ్ళు మాంసం ముట్టరు.

తణుకు_టు_లీడ్స్:
చాలా రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను, క్షమించాలి. కర్క్‌స్టాల్, ఫౌంటెన్స్, విట్‌బీ, మౌంట్ గ్రేస్ చూశాం. రీవోకి బయల్దేరిన రోజు కుండపోత, సగంలో వెనక్కి వచ్చేశాం.

కర్క్‌స్టాల్‌లో ప్లాన్ నేర్చుకోవడం నిజంగా పనికొచ్చింది. ఫౌంటెన్స్‌లో నాన్న నాకంటే ముందు నడుస్తూ "ఇది భోజనశాల, చూడు, గోడలో మెట్లున్నాయి. తింటుంటే ఒకడు పైకెక్కి చదివేవాడు" అని చెప్పుకుపోయారు. పక్కన ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు ఆగి విన్నారు. భాష తెలియకపోయినా ఆయన వేలు చూపించిన చోటికల్లా చూశారు.

విట్‌బీలో అమ్మ కొట్లో అమ్మోనైట్ చూడగానే, నేను చెప్పకముందే "ఇది సాలగ్రామంలా ఉందేంట్రా" అంది. చిన్నది ఒకటి కొన్నాం. మౌంట్ గ్రేస్‌లో ఆ కిటికీలో నాన్న చెయ్యి పెట్టారు, అటు వైపు నుంచి అమ్మ తన చెయ్యి పెట్టింది. వేళ్ళు తగిలాయి, మొహాలు కనపడలేదు. కాసేపు ఇద్దరూ అలాగే ఉండిపోయారు.

ఇంకా పది రోజులున్నాయి. నాన్న ఇప్పుడు తిరుగుబాటు గురించి అడుగుతున్నారు. 1536లో యార్క్‌షైర్ జనం మఠాల కోసం లేచారు కదా, దానికి సంబంధించిన చోటు ఏదైనా చెప్పండి.

పొగమంచు:
జెర్వో అబ్బేకి తీసుకెళ్ళండి, వెన్స్‌లీడేల్ దగ్గర. ఆ తిరుగుబాటును పిల్‌గ్రిమేజ్ ఆఫ్ గ్రేస్ అంటారు. నాయకుడు రాబర్ట్ ఆస్క్ అనే లాయరు. రాజు క్షమిస్తానని మాటిచ్చి, ఇళ్ళకి పంపి, 1537లో ఆయన్ని యార్క్‌లో ఉరితీయించాడు. జెర్వో మఠాధిపతి ఆడమ్ సెడ్‌బార్‌ని జనమే బలవంతంగా లాక్కెళ్ళారంటారు. ఆయన్నీ వదల్లేదు. లండన్ టవర్‌లో బీచమ్ టవర్ గోడ మీద ఆయన చెక్కుకున్న పేరు, 1537 అన్న సంవత్సరం ఇప్పటికీ ఉన్నాయి. నేను రెండూ చూశాను. ముందు జెర్వో చూసి తర్వాత ఆ గోడ చూస్తే ఆ అక్షరాల దగ్గర్నుంచి కదలబుద్ధి కాదు. ఈ లెక్కన మీ నాన్నగారికి లండన్ వెళ్ళడానికి కూడా కారణం దొరికింది.

ఉన్నిబస్తా:
జెర్వో ఒక కుటుంబం సొంత స్థలం. గేటు దగ్గర మనిషి ఉండడు, డబ్బాలో డబ్బు వేసి వెళ్ళాలి. చిల్లర పట్టుకెళ్ళండి. గోడల నిండా అడవి పూలు, మీరు వెళ్ళే టైముకి బాగా విరగబూసి ఉంటాయి. వెన్స్‌లీడేల్ చీజ్ ఆ సన్యాసులతోనే మొదలైందంటారు. పక్కనే టీ గదులున్నాయి, అమ్మగారికి కూర్చోడానికి చోటు కూడా దొరుకుతుంది.