అప్‌డేట్: అనెల్కా క్లబ్బులు 12, వరుసలు 13

ఫ్రెంచ్ ఫుట్‌బాలర్ నికొలా అనెల్కా కెరీర్ పట్టికలో ఒక చోట 12 క్లబ్బులు, ఇంకో చోట 13 ఎందుకొస్తున్నాయని అడిగాను కదా, లెక్క తేలింది. పీఎస్‌జీకి (పారిస్ సెయింట్ జర్మైన్) రెండుసార్లు ఆడాడు, అందుకే పట్టికలో దానికి రెండు వరుసలు. మొదటిసారి 1997 ఫిబ్రవరిలో ఆర్సెనల్‌కి వెళ్లేదాకా, రెండోసారి రియల్ మాడ్రిడ్ నుంచి 2000లో తిరిగొచ్చాక. అంటే క్లబ్బులు 12, వరుసలు 13. లివర్‌పూల్, యువెంటస్ అద్దె ఒప్పందాలే అయినా క్లబ్బుల లెక్కలోకి వస్తాయి.

గోల్స్ లెక్క తప్పుతున్నది సీజన్ మధ్యలో క్లబ్బు మారినప్పుడు. 2007-08 చూడండి: బోల్టన్‌కి లీగ్‌లో 10, జనవరిలో చెల్సీకి మారాక 1. రెండూ ఒకే వరుసలో వేస్తే చెల్సీ ఖాతాలో 11 పడిపోతాయి. 2001-02, 2004-05లనూ ఇలాగే రెండుగా చీల్చాలి. చైనా లీగ్ క్యాలెండర్ ఏడాది ప్రకారం నడుస్తుంది కాబట్టి షాంఘై షెన్‌హువా వరుసలో '2012' అని మాత్రమే రాయాలి.

లీగ్, కప్ గడులు కలపొద్దు. మాడ్రిడ్‌లో లీగ్ గోల్స్ మాత్రమే చూస్తే అట్టర్ ఫ్లాప్ అనిపిస్తాడు, కానీ 2000 ఛాంపియన్స్ లీగ్ (పేరులో లీగ్ ఉన్నా ఇది యూరప్ క్లబ్బుల కప్పు) సెమీస్‌లో బయర్న్ మ్యూనిక్‌పై రెండు మ్యాచుల్లోనూ కొట్టాడు! 2008-09లో చెల్సీ తరఫున గోల్డెన్ బూట్ (టాప్ స్కోరర్ అవార్డు) తెచ్చిన 19 గోల్స్ మాత్రం పూర్తిగా లీగ్‌వే. ఆఖరి వరుస మన ముంబై సిటీది, 2014, 2015 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్లు.