జ్వరంతో జుట్టు రాలిన పిల్లకు రెండు జడలు ఎలా వేయాలి? స్కూల్లో సవరం పెట్టి పంపమంటున్నారు

కుట్టుమిషన్ అమ్మ, తెనాలి:

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో చదువుతోంది. స్కూల్ పేరు రాయను. పది అయ్యేదాకా అది అక్కడే చదవాలి.

పోయిన సెప్టెంబర్‌లో దానికి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు 32 వేలకు పడిపోయి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. దసరా సెలవులయ్యాక స్కూలుకు వెళ్లింది, ఇక గండం గడిచిందనుకున్నాం. నవంబర్ ఆఖరుకొచ్చేసరికి జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన నిండా, దిండు మీద, స్నానాల గదిలో, చివరికి అన్నం కంచంలో కూడా. కుప్పలు కుప్పలుగా పోతుంటే భయమేసి డాక్టర్ గారి దగ్గరికి పరిగెత్తాం. పెద్ద జ్వరం వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి పెరగడం ఆపేస్తాయని, అవి రెండు మూడు నెలల తర్వాత రాలతాయని, కుదుళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి మళ్లీ వస్తాయని చెప్పారు. ఆరు నెలలైనా ఓపిక పట్టాలన్నారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు.

నడుము దాకా ఉండే జుట్టు దానిది. చిక్కులు పడి దువ్విన ప్రతిసారీ ఇంకా ఊడుతోందని, సంక్రాంతికి ముందు నేనే భుజాల పైకి కత్తిరించాను. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, కత్తెర పట్టడం నాకు రోజూ ఉండే పనే. ఆ రోజు మాత్రం చెయ్యి ఆడలేదు. "అమ్మా, నువ్వు ఏడవకు, వంకర వస్తుంది" అని అదే నాకు ధైర్యం చెప్పింది.

ఇక స్కూల్ సంగతి. ఆడపిల్లలు రెండు జడలు మడిచి, నల్ల రిబ్బన్లు కట్టుకుని రావాలని డైరీలో రాసి ఉంది. ఆ రూల్ మీద నాకు కోపం లేదు. నేనూ అలా జడలు వేసుకుని చదువుకున్నదాన్నే. కానీ ఇప్పుడు దాని జుట్టు రెండు పాయలు తీస్తే ఒక్కోటి నా చిటికెనవేలంత కూడా లేదు. మడవడానికి పొడుగు లేదు. రబ్బరు బ్యాండు మధ్యాహ్నానికే జారిపోతుంది.

ప్రతి సోమవారం అసెంబ్లీలో రూల్ పాటించని వాళ్లను పక్కన వరుసగా నిలబెడతారు. షూ పాలిష్ లేని వాళ్లు, గోళ్లు పెంచిన వాళ్లు, సైడ్ కటింగ్ చేయించుకున్న మగపిల్లలు. మూడు సోమవారాలుగా మా పిల్ల ఆ వరుసలోనే ఉంటోంది. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, తిట్టలేదు. ప్రార్థన అయ్యేదాకా అందరికీ ఎదురుగా నిలబడాలి, అంతే. క్లాస్ టీచర్ మంచావిడే, విషయం తెలుసు కూడా. పైన ఇన్‌చార్జి మేడమ్ మాత్రం, "సవరం పెట్టి వేయండమ్మా, పెళ్లిళ్లకు పెట్టరా ఏంటి" అన్నారు.

సరేనని రెండు చిన్న సవరాలు కొని పెట్టి పంపాను. మొదటి రోజే ఖోఖో ఆడుతుంటే ఒకటి ఊడి గ్రౌండ్‌లో పడింది. అది ఎవరి చేతుల్లోకి వెళ్లిందో, ఎవరేమన్నారో ఇంటికొచ్చి చెప్పలేదు. పక్కింటి అమ్మాయి చెబితే తెలిసింది. అప్పటినుంచి ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి అని క్లాసులోనే కూర్చుంటోందట. మొన్న రాత్రి "అమ్మా, నాకు గుండు చేయించెయ్" అంది.

మా ఆయన, రెండు నెలలు ఓర్చుకుంటే వేసవి సెలవులే కదా అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. స్కూలుతో గొడవ పడకుండా ఎలా మాట్లాడాలి? సవరం రోజూ పెడితే ఉన్న జుట్టుకు ఏమైనా అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పార్లర్ అక్క, గుంటూరు:

ముందు ఆ సవరం తీసి పక్కన పెట్టు చెల్లీ. పెళ్లిలో మూడు గంటలు పెట్టడం వేరు, పల్చబడిన తలకు రోజూ ఎనిమిది గంటలు పెట్టడం వేరు. దాని బరువంతా ఉన్న నాలుగు వెంట్రుకల కుదుళ్ల మీదే పడుతుంది. ఊడకూడదని ఇంకా బిగించి కడతాం, దాంతో కణతల దగ్గర, పాపిట దగ్గర ఇంకా పల్చబడుతుంది. నా దగ్గరికి వచ్చే డాన్స్ పిల్లల్లో ఇది చాలాసార్లు చూశాను.

తడి తల మీద దువ్వొద్దు. దూరం పళ్ల దువ్వెన వాడు. చెవుల వెనక రెండు చిన్న పిలకలు వదులుగా కట్టి, రబ్బరు బ్యాండు బదులు గుడ్డ బ్యాండు వేసి, దాని మీద నల్ల రిబ్బను చుట్టు. ముందు పడే వెంట్రుకలకు నల్ల హెయిర్‌బ్యాండ్ పెట్టు. చూడ్డానికి యూనిఫామ్ లాగే ఉంటుంది. ఆ నూనె ఈ నూనె అని ఎవరు చెప్పినా డబ్బు తగలెయ్యకు. డాక్టర్ గారు రాసిన మాత్రలు మానకుండా వేయించు, గుడ్డు, పప్పు, ఆకుకూర పెట్టు.

ఇద్దరు పిల్లల తండ్రి, ఒంగోలు:

నా మాట కటువుగా అనిపించవచ్చు. ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు పదిమంది వస్తారు. మా అబ్బాయి స్కూల్లో ఇలాగే ఒకరికి ఒప్పుకుంటే, నెల తిరక్కుండా తొమ్మిదో తరగతి మగపిల్లలంతా చెవుల మీద జుట్టుతో కనిపించారు. క్రమశిక్షణ ఉంటుందనే కదా ఆ స్కూల్లో చేర్చారు? రెండు నెలలు సర్దుకుపోవడమే మేలు.

కుట్టుమిషన్ అమ్మ, తెనాలి:

అన్నగారూ, మీరన్నది నిజమే, క్రమశిక్షణ చూసే చేర్చాం. అయితే మా పిల్ల దగ్గర ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం ఉంది. అలాంటి కాగితంతో పదిమంది వస్తే ఆ పదిమందికీ ఒప్పుకోవాలనే నేను అంటాను. స్టైల్ కోసం పెంచుకున్న జుట్టును కత్తిరించుకుని రమ్మనవచ్చు. లేని జుట్టును ఎక్కడినుంచి తెస్తుంది?

రిటైర్డ్ తెలుగు టీచర్, భీమవరం:

అమ్మా, జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఎక్కడికి బదిలీ అయినా ఆడపిల్లల జడలు చూసే పని నాకే అప్పగించేవారు. మీ ఇన్‌చార్జి మేడమ్ ఉన్న చోట నిలబడిన మనిషిగానే ఇది రాస్తున్నాను.

రెండు జడల నియమం ఊరికే పుట్టలేదు. మా బళ్లలో బెంచీకి ఐదుగురు తలలు ఆనించుకుని కూర్చునేవారు. ఒకరికి పేలు పడితే వారం తిరక్కుండా బెంచీ అంతా పాకేవి. తల్లులు చాలామంది తెల్లవారకముందే నాట్లకో కోతలకో వెళ్లిపోయేవారు. నూనె రాసి, బిగించి అల్లి, పైకి మడిచి కట్టేస్తే సాయంత్రం దాకా మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. అందరికీ ఒకే జడ, ఒకే రంగు రిబ్బను అయితే ఏ పిల్ల కలిగిన ఇంటిదో, ఏ పిల్ల లేని ఇంటిదో తల చూస్తే తెలియదు. ఆ నియమం మంచిదని ఇప్పటికీ అంటాను.

మీ పోస్టులో "గుండు చేయించెయ్" అన్న మాట చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. వేసవి సెలవుల తర్వాత తిరుపతి గుండుతో వచ్చే పిల్లలు ప్రతి ఏడూ ఉండేవారు. ఆడపిల్లలూ ఉండేవారు. తలకు ఓ చున్నీయో టోపీయో చుట్టుకుని వచ్చేవారు. యూనిఫామ్‌లో టోపీ లేదు, చున్నీ తలకు చుట్టుకోవాలనీ లేదు. అయినా నేను గానీ, నాకన్నా కఠినమైన హెడ్మాస్టర్లు గానీ ఒక్కరోజైనా "జడలేవి?" అని అడగలేదు. సవరం పెట్టుకుని రమ్మని ఎవరమూ అనలేదు. కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చిందని తెలుసు, పెరిగేదాకా ఆగాలనీ తెలుసు, ఆగాం. తలనీలాలకు ఆగినట్టే జ్వరంతో పోయిన జుట్టుకూ ఆగమని అడగండి. మీ ప్రిన్సిపాల్ గారు కూడా గుండుతో వచ్చిన పిల్లలను ఏళ్ల తరబడి చూసే ఉంటారు కాబట్టి ఈ మాట తప్పకుండా అర్థమవుతుంది.

ఇంకొక సంగతి చెప్పాలి. ఒక ఏడో తరగతి పిల్ల రోజూ ఒంటి జడతో వస్తుంటే నాలుగు రోజులు వరుసగా బయట నిలబెట్టాను. ఆ పిల్ల నోరు విప్పలేదు. తల్లి చనిపోయిందని, నాన్నకు ఒంటి జడ వేయడమే వచ్చని నాలుగో రోజు అటెండర్ చెబితే తెలిసింది. ఆ తర్వాత ఏడాదంతా పొద్దున్నే స్టాఫ్ రూమ్‌లో నేనే దానికి రెండు జడలు వేశాను. అయినా ఆ నాలుగు రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. నిలబెట్టే ముందు "ఎందుకమ్మా?" అని పక్కకు పిలిచి ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

ఇన్‌చార్జితో వాదన వద్దు. నేరుగా ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం ఇవ్వండి. ఏ తేదీన జ్వరం వచ్చింది, డాక్టర్ ఏమన్నారు, ఎప్పటిదాకా మినహాయింపు కావాలి, ఈలోగా జుట్టు ఎలా కట్టి పంపుతారు, ఇవన్నీ రాయండి. గడువు రాయడం మరిచిపోకండి. గడువు లేని విన్నపానికి ఎవరైనా జంకుతారు. డిశ్చార్జ్ కాగితం జిరాక్స్ జతచేయండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లకండి, తన తల గురించి పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే ఎదురుగా కూర్చోవడం మరో అసెంబ్లీ అవుతుంది.

కూకట్‌పల్లి నాన్న:

టీచర్ గారు చెప్పిన ఆఖరి మాట అక్షరాలా నిజం. నా అనుభవం చెబుతాను. మా అబ్బాయి ఏడో తరగతిలో ఉండగా పీఈటీ సార్ అసెంబ్లీలోనే వాడి ముందు జుట్టు కత్తెరతో కోసేశారు. సెలూన్‌కు తీసుకెళ్తే సరిచేయడానికి వీల్లేక మషీన్ పెట్టి మొత్తం తీసేయాల్సి వచ్చింది. మర్నాడు నేను స్కూలు వరండాలో అందరూ వినేలా అరిచాను. ఆ సార్ క్షమాపణ చెప్పారు, నేను గెలిచాననుకున్నాను. ఇంటికొచ్చాక మావాడు, "నువ్వు అరుస్తుంటే అందరూ మళ్లీ నా తలే చూశారు నాన్నా" అన్నాడు. అందుకే ముందు ఉత్తరం, తలుపు వేసి ఉన్న గదిలో మాట. ఆ వరస తప్పకండి.

అది పనిచేయకపోతే చట్టం మీ వైపే ఉంది, తెలిసి ఉండటం మంచిది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు అది వర్తిస్తుంది, ప్రైవేట్ స్కూళ్లకూ వర్తిస్తుంది. స్కూలు వినకపోతే మండల విద్యాధికారికి, ఆ తర్వాత డీఈఓకి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. అధికారులు పట్టించుకోరని అనుకోకండి. 2024 జూలైలో ఖమ్మం జిల్లా కల్లూరు మండలంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్ పిల్లల జుట్టు కత్తిరిస్తే సస్పెండ్ చేశారు. మీ విషయం అంతదూరం వెళ్లకూడదనే కోరుకుంటున్నాను.

కుట్టుమిషన్ అమ్మ, తెనాలి:

అందరికీ పేరుపేరునా దండాలు. టీచర్ గారూ, మీరు చెప్పినట్టే ఉత్తరం రాశాను. మా ఆయన మొదట వద్దన్నా, మీ తిరుపతి గుండు మాట చదివి వినిపించాక తనే సెలవు పెట్టి నాతో వచ్చారు.

డిశ్చార్జ్ కాగితంతో పాటు పోయిన పంద్రాగస్టుకు దిగిన ఫొటో కూడా తీసుకెళ్లాను, అందులో దాని జడలు మడిచినా భుజాల దాకా వేలాడుతున్నాయి. ప్రిన్సిపాల్ గారు ఆ ఫొటో చాలాసేపు చూశారు. తిరుపతి మాట చెప్పాను. ఆయన పోయిన జూన్‌లో ఇద్దరు పిల్లలు గుండుతో వచ్చిన సంగతి తనే గుర్తుచేసుకున్నారు. జూన్‌లో స్కూళ్లు తెరిచేదాకా రెండు పిలకలు, నల్ల రిబ్బను, హెయిర్‌బ్యాండ్‌తో రావచ్చని డైరీలోనే రాసి సంతకం పెట్టారు. ఇన్‌చార్జి మేడమ్‌ను పిలిచి, ఇలాంటి పిల్లలను వరుసలో నిలబెట్టే ముందు క్లాస్ టీచర్‌ను అడగమన్నారు. ఆవిడ సరేనన్నారు గానీ నా వైపు చూడలేదు. డైరీలో జబ్బుపడ్డ పిల్లల కోసం ఒక లైను అచ్చు వేయించమని అడిగితే, వచ్చే ఏడాది చూద్దామన్నారు. జూన్‌లో మళ్లీ వెళ్లి అడుగుతాను. ఇంకో తల్లి ఇలా ఉత్తరం పట్టుకుని తిరగకూడదు.

గుంటూరు అక్కా, పిలకలు నువ్వు చెప్పినట్టే కడుతున్నాను, సాయంత్రం దాకా నిలుస్తున్నాయి. గురువారం ఖోఖో ఆడిందట, మోకాలు దోక్కుపోయి వచ్చింది. పాపిట పక్కన కొత్త వెంట్రుకలు నిటారుగా లేస్తున్నాయి. నేను జాకెట్ల కొలతలు తీసే టేపు తెచ్చి కొలవమంటుంటే కొలిచాను. అంగుళం పైనే ఉన్నాయి.