ట్యాబ్‌లో చీతాలు చూపిస్తుంటే "చిరుతలు మన గుట్టల్నే ఉన్నయి గదా" అంటున్రు. ఎట్ల చెప్పాలె?

జడ్చర్ల_చెట్టుకింద (ప్రశ్న)

ఊర్ల పెద్దోళ్ల సంఘంల వారానికోసారి గంటసేపు ట్యాబ్ పెట్టుకోని కూసుంటం. పదిమంది దాకా వస్తరు, అరవై ఐదు నుంచి ఎనభై ఏండ్లోళ్లు. సగం మంది గొర్లు కాసినోళ్లు, ఎవుసం చేసినోళ్లు. పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ ఒకటి, ఎనిమిది అంగుళాలయి రెండు ఉన్నయి. నెట్ అంటే ఒక్క ఫోన్ హాట్‌స్పాటే.

ఈ నెల మాట: అడవిల లేకుండ పోయిన జంతువులను మళ్ల తెచ్చి ఇడిసిపెట్టుడు. వచ్చిన చిక్కులు ఇవి. మైకుల "చిరుత" అంటే సినిమా పాటలు, ఊర్లెకు చిరుత వచ్చిందన్న భయం వీడియోలు పడుతున్నయి. వేలితో నొక్కితే కొందరికి పనే చెయ్యదు, కొందరికి ఏందో ఒక మెనూ తెరుచుకుంటది. ఇంగ్లిష్ పేజీని తెలుగులకు మారిస్తే "పునఃపరిచయం" అని వస్తది, ఎవరికి అర్థం గాదు. ఏం చూపెట్టాలె, ఏ వరుసల? తెలిసినోళ్లు చెప్పున్రి.

నల్లమల_అంచు

ముందు పేర్ల గొడవ తేల్చండి, సగం చిక్కు అక్కడే పోతుంది. మనం చిరుతపులి అనేది లెపర్డ్. మన గుట్టల్లో, నల్లమలలో ఉన్నది అదే, అది ఎటూ పోలేదు. ఆఫ్రికా నుంచి విమానంలో తెచ్చింది చీతా. పేపర్లలో, టీవీలో రెండింటినీ "చిరుత" అనేసరికి పెద్దవాళ్లకు అనుమానం రావడం న్యాయమే. వెతికేటప్పుడు "చీతా కూనో" అని రెండు మాటలూ కలిపి పలికించండి (కూనో అంటే వాటిని వదిలిన మధ్యప్రదేశ్ అడవి). "కూనో" లేకపోతే మళ్లీ పాటలే వస్తాయి.

తేడా మాటల్లో చెప్పొద్దు, బొమ్మలో చూపించండి. ముఖం దగ్గరగా ఉన్న చీతా ఫొటో ఒకటి, చిరుతపులి ఫొటో ఒకటి గ్యాలరీలో పక్కపక్కన పెట్టుకోండి. చీతా కంటి లోపలి మూల నుంచి నోటి అంచు దాకా నల్లటి గీత దిగుతుంది, కాటుక కారినట్టు. రెండు వేళ్లతో ఆ గీత దగ్గరికే పెద్దది చేయమనండి. తర్వాత ఒంటి మీది మచ్చ: చీతాది నిండు నల్ల చుక్క, చిరుతపులిది మధ్యలో ఖాళీ ఉన్న పువ్వులాంటి మచ్చ. ఒక్కొక్కరూ తమ వేలితో చేస్తేనే గుర్తుంటుంది. మీరు పెద్దది చేసి చూపిస్తే టీవీ చూసినట్టే.

ఇక కథ. మన దేశంలో చీతా లేదని 1952లో ప్రకటించారు. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా ప్రాంతంలో 1947లో వేటాడిన మూడింటినే చివరివిగా చెబుతారు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోకు చేర్చారు. విమానం గ్వాలియర్ దాకా, అక్కడినుంచి హెలికాప్టర్. తెచ్చిన రోజే అడవిలోకి తోలలేదు. ముందు చిన్న కంచెలో వేరుగా ఉంచారు, తర్వాత పెద్ద కంచె, ఆపైనే అడవి. సంతలో కొన్న గొర్రెను వెంటనే మందలో కలపరు కదా, ఆ లెక్కే. గొర్లకాపరులకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

కొన్ని ఎందుకు చచ్చిపోయాయని తప్పక అడుగుతారు, దాటేయొద్దు. వానకాలం మనకు వచ్చే నెలల్లో ఆఫ్రికా దక్షిణాన చలికాలం. ఒంటి లెక్క ఆ దేశపుదే కాబట్టి ఇక్కడి వానలో వాటికి మందంగా బొచ్చు వచ్చింది. జాడ తెలియడానికి మెడకు వేసిన రేడియో కాలర్ పట్టీ కింద, ఆ బొచ్చు కింద తడి ఆరక పుండ్లు పడ్డాయి, ఈగలు గుడ్లు పెట్టాయి, పురుగు పట్టింది. 2023లో కొన్ని అట్లా పోయాయి. పుండుకు పురుగు పట్టడం మీ వాళ్లకు బాగా తెలుసు, ట్యాబ్ పక్కన పెట్టి వాళ్లనే చెప్పనివ్వండి.

"పునఃపరిచయం" మాట వదిలేయండి. మీరు రాసిన "మళ్ల ఇడిసిపెట్టుడు" బ్రహ్మాండంగా ఉంది. పేజీలను అనువదించడం కంటే నాలుగు ఫొటోలు, రెండు చిన్న వీడియోలు, ఒక మ్యాపు చాలు.

స్క్రీన్‌గార్డ్

నొక్కుడు సంగతి నేను చెప్త. ట్యాబ్ తెర వేలు తగిలితే మారే సన్న కరెంటును బట్టి పని చేస్తది, చర్మంల తడి ఉంటే అది మంచిగ తెలుస్తది. పొలం పని చేసిన చేతులు ఎండి, గట్టిపడి ఉంటయి, తెరకు తెలువది. గోరు కొసతోని కాకుండ వేలి మెత్తతోని నొక్కమనున్రి. తడిగుడ్డ ఒకటి పక్కన పెట్టున్రి, వేలు ఒక్కసారి తుడుచుకుంటే చాలు. మందం టెంపర్డ్ గ్లాస్ ఉంటే తీసెయ్యున్రి, దానితోని ఇంకింత మొండిగైతది. అప్పటికీ కాకుంటే రబ్బరు మొన ఉన్న స్టైలస్ పెన్ను తెచ్చున్రి, చేయి వణికేటోళ్లకు అదే మేలు.

మెనూ ఎందుకు తెరుచుకుంటదంటే వేలు పెట్టి తియ్యరు. సెట్టింగ్స్‌ల యాక్సెసిబిలిటీ, దాంట్ల "టచ్ అండ్ హోల్డ్ డిలే". దాన్ని "లాంగ్" చెయ్యున్రి. కొన్ని కంపెనీల ట్యాబ్‌లల్ల ఒకే చోట మళ్లమళ్ల తగిలితే ఒక్కటే లెక్క పెట్టే సౌలతు గూడ అక్కడ్నే ఉంటది. ఆటో రొటేట్ బంద్ చెయ్యున్రి. తెర ఆరిపొయ్యే టైము పది నిమిషాలు పెట్టున్రి, ముప్పై సెకండ్లకే ఆరిపోతే "ఖరాబైంది" అని పక్కన పెట్టేస్తరు.

చూపిస్తున్న యాప్‌లకెళ్లి బయటకు పోకుండ సెక్యూరిటీ సెట్టింగ్స్‌ల "యాప్ పిన్నింగ్" ఉంటది. పెట్టే ముందు తీసుడెట్లనో మీరు నేర్చుకోండ్రి, లేకుంటే అందరి ముందట ట్యాబ్ రీస్టార్ట్ చేసుకుంట కూసుంటరు.

దూరానికి, దగ్గరికి కలిపి ఉన్న (బైఫోకల్) అద్దాలు పెట్టుకున్నోళ్లు కింది భాగంకెళ్లి చూస్తరు. ట్యాబ్ ముఖానికి ఎదురుంగ నిలబెడితే తల వెనక్కి వంచి మెడ నొప్పి అంటరు. బల్ల మీద, స్టాండుకు కొంచెం ఏటవాలుగ, ఛాతీ కంటే కిందకు పెట్టున్రి. చెట్టుకింద కూసుంటే ఆకుల సందుల ఎండ తెర మీద పడుతది, ఏం కనపడది. గోడకు ట్యాబ్ వీపు గాదు, మనుషుల వీపు ఉండాలె.

వీడియోలు ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండ్రి, ఆటోప్లే బంద్ పెట్టున్రి. ఒక హాట్‌స్పాట్ మీద మూడు ట్యాబ్‌లు వీడియో పెడితే మూడూ తిరుగుకుంటనే ఉంటయి. నెట్ మొత్తం మ్యాపు కోసం దాచుకోండ్రి.

దేవరకొండ_టీచరమ్మ

నల్లమల_అంచు గారు, మీ వివరాలన్నీ సరే, వరుస మాత్రం నాకు నచ్చలేదండీ. ఆఫ్రికా చీతాతో మొదలుపెడితే పెద్దవాళ్లకు అది టీవీ వార్తే. మన పక్కనే జరిగింది ముందు చూపించాలి.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మూషిక జింకలను వదిలారు. హైదరాబాద్ జూలో, సీసీఎంబీ (అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లతో కలిసి 2010 నుంచి పెంచి, 2017 నుంచి అడవిలోకి పంపుతున్నారు. కుందేలంత జంతువు, మూడు కిలోల బరువు, కొమ్ములుండవు. మగదానికి పై కోరలు మాత్రం బయటికి కనిపిస్తాయి. రాత్రిపూటే తిరుగుతుంది కాబట్టి అడవి కెమెరా ఫొటోలు నలుపు తెలుపులో మసకగా ఉంటాయి. కంట్లో శుక్లం ఉన్నవాళ్లకు అది రాయో జంతువో తెలియదు. ఫొటో ఎడిట్‌లో బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ పెంచి సేవ్ చేసుకుని తీసుకెళ్లండి. ముందు జూలో పగలు తీసిన రంగు ఫొటో, తర్వాత ఇది. ఒంటి మీది తెల్లచారలు ఒకసారి చూశాక చీకటి ఫొటోలో వాళ్లే పట్టుకుంటారు.

మ్యాపు కూడా ఇక్కడి నుంచే. గూగుల్ ఎర్త్‌లో మీ ఊరు తెరిచి, వాళ్ల ఇల్లు, చెరువు దొరికేదాకా ఆగండి. పది నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. అక్కడినుంచి అమ్రాబాద్ అడవి దారిలో అచ్చంపేట, మన్ననూరు, ఫరహాబాద్. కొలిచే రూలరు ఉంది కదా, మహబూబ్‌నగర్ నుంచి కూనోకు గీత లాగితే సూటిగా దాదాపు వెయ్యి కిలోమీటర్లు. నమీబియాకు లాగితే ఎనిమిది వేల దగ్గర. అప్పుడు చీతా మాట ఎత్తండి.

ఇంకోటి. "పులుల కోసం మనుషుల్ని లేపుతరా?" అనే ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. కూనోలో మొదట గుజరాత్‌లోని గిర్ సింహాల కోసమని 24 ఊళ్లను ఖాళీ చేయించారు. సింహాలు రాలేదు, చివరికి చీతాలు వచ్చాయి. అమ్రాబాద్ లోపలి పల్లెల తరలింపు మీదా వాదన నడుస్తోంది. మీ గుంపులో కొల్లాపూర్, అలంపూర్ వైపు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో ఊరు పోయినవాళ్లుంటే ఆ రోజు ట్యాబ్ మూసేసి వాళ్ల మాటే విన్నా నష్టం లేదు.

నల్లమల_అంచు

టీచరమ్మ గారూ, ఒప్పుకున్నా. మూషిక జింక ముందు, చీతా తర్వాత. ఆ రెండింటి మధ్య రాబందులను పెట్టొచ్చు. ఊరి బయట గొడ్డు కళేబరం మీద అవి గుంపుగా వాలడం చూసిన చివరి తరం వీళ్లే. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ నొప్పి మందు కళేబరంలో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. బదులుగా మెలాక్సికామ్ వాడొచ్చు. హర్యానాలోని పింజోర్‌లో పెంచిన రాబందులను 2020లో బయటికి వదిలారు. ఇంట్లో పశువులున్నవాళ్లు మందు పేరు రాసి ఇమ్మంటారు, చీటీ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టుకోండి.

జడ్చర్ల_చెట్టుకింద

అందరికి దండాలు. టచ్ డిలే, తడిగుడ్డ రెండూ పని చేసినయి. మూషిక జింక ఫొటో చూసి "ఇది కుందేలే" అని ఒక తాత పట్టిన పట్టు ఇడువలేదు, కాళ్ల గిట్టలు పెద్దగ చేసి చూపెడితే ఒప్పుకున్నడు. ఇంకొక ప్రశ్న మిగిలింది. నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన అవ్వ అడుగుతుంది: మా చేన్లు మేసే కృష్ణ జింకలను పట్టి ఆ చీతాలకు పంపరాదా అని. నవ్వులాటకు గాదు, నిజంగనే అడుగుతుంది.

నల్లమల_అంచు

మంచి ప్రశ్న అడిగింది అవ్వ. ఒకప్పుడు మన దేశపు చీతాలు వేటాడిందే కృష్ణ జింకలను. పట్టడమే కష్టం: తరిమితే బెదిరి, కండరాలు దెబ్బతిని, గాయం లేకుండానే చచ్చిపోతాయి. అందుకే తరమకుండా, మత్తు ఇవ్వకుండా బోమా పద్ధతి వాడతారు, అంటే గరాటులా కట్టిన తడికెల దారి గుండా దొడ్డిలోకి మళ్లించడం. మధ్యప్రదేశ్‌లో షాజాపూర్ వైపు పొలాల మీద పడుతున్న కృష్ణ జింకలను 2025లో హెలికాప్టర్ సాయంతో మెల్లగా అదిలించి, అట్లాగే పట్టి అడవులకు తరలించారు.

అవ్వకు చూపించాలంటే ట్యాబ్‌లో నోట్స్ తెరిచి వేలితో గరాటు బొమ్మ గీయండి. వెడల్పు నోరు పొలం వైపు, రెండు పక్కలా తడికెల గోడలు, కొసన దొడ్డి, దొడ్డి తలుపుకు ఆనించి లారీ. తడికెల సందు ఉండొద్దు, అవతల వెలుతురు కనిపిస్తే జింక అటే దూకుతుంది. మిగతా బొమ్మ అవ్వనే గీయమనండి, గొర్లను దొడ్లోకి తోలిన చెయ్యి కదా.