చర్చ: రోల్‌ని టోకెన్‌లోనే రాసేయాలా, ప్రతి రిక్వెస్ట్‌కీ డేటాబేస్‌ని అడగాలా?

కాకినాడ_బ్యాకెండ్

అందరికీ నమస్కారం. రెండు బ్రాంచీలున్న ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌కి వెబ్ అప్లికేషన్ చేస్తున్నాం. సర్వర్ కోడ్ నోడ్, ఎక్స్‌ప్రెస్, వెనక డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఇన్నాళ్లూ ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లోనే నడిచింది కాబట్టి లాగిన్ అనేదే లేదు. వచ్చే నెల ఇంటర్నెట్‌లోకి తెస్తున్నాం. రిసెప్షన్, టెక్నీషియన్, పాథాలజిస్టు, మేనేజరు అని నాలుగు రోల్స్ అనుకున్నాం. స్టాఫ్ మొత్తం 40 మంది లోపే.

నాకూ నా టీమ్‌మేట్‌కీ ఒక్క చోటే పేచీ. లాగిన్ అవ్వగానే జేడబ్ల్యూటీ (సర్వర్ డిజిటల్ సంతకం చేసి ఇచ్చే టోకెన్) ఇచ్చి, రోల్ కూడా అందులోనే రాసి, 24 గంటల గడువు పెడదామంటాడు తను. ప్రతి రిక్వెస్ట్‌లో సంతకం వెరిఫై చేస్తే చాలు, డేటాబేస్ జోలికి పోనక్కర్లేదట. నేనేమో మామూలు సెషన్ కుకీ (బ్రౌజర్‌లో ఒక ఐడీ మాత్రమే, లాగిన్ వివరాలు సర్వర్ దగ్గరే) పెట్టి, రోల్‌ని ప్రతిసారీ టేబుల్‌లోంచి చదువుదామంటున్నాను. అది పాతకాలం పద్ధతి అంటాడు. పేషెంట్ల రిపోర్టులు కాబట్టి నాకు టెన్షన్‌గా ఉంది. నిజంగా ఇలాంటివి నడిపినవాళ్లు చెప్పండి.

వరంగల్_డెవ్

మీ టీమ్‌మేట్ మాటే నాదీ. ఇవాళ ఒక సర్వరే కావచ్చు. రేపు మొబైల్ యాప్ అడుగుతారు, ఎల్లుండి రిపోర్టులు పీడీఎఫ్ చేసి పంపడానికి విడిగా ఇంకో సర్వీసు వస్తుంది. సెషన్ అయితే అవన్నీ ఒకే స్టోర్ మీద ఆధారపడాలి. ఆ స్టోర్ పడిపోతే అందరూ ఒకేసారి బయటికి వచ్చేస్తారు. జేడబ్ల్యూటీ 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7519 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చింది, దాదాపు ప్రతి భాషలో లైబ్రరీ ఉంది. పబ్లిక్ కీ (సంతకం సరిచూడటానికి మాత్రమే పనికొచ్చే కీ) ఇస్తే ఏ సర్వీసైనా ఎవర్నీ అడక్కుండా తనంతట తానే వెరిఫై చేసుకుంటుంది. దీన్ని వదులుకోవడం ఎందుకు?

ఎస్‌క్యూఎల్_అక్క

తమ్ముడూ, నాకు జరిగింది చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఉన్నాను. అచ్చం మీ టీమ్‌మేట్ చెప్పిన డిజైనే: టోకెన్‌లో రోల్, 24 గంటల గడువు. ఒకరోజు మధ్యాహ్నం బిల్లింగ్ కౌంటర్‌లో ఒకతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. మేం వెంటనే అకౌంట్ డిసేబుల్ చేశాం, టేబుల్‌లో 'యాక్టివ్' అన్న గడి మార్చాం, పని అయిపోయిందనుకున్నాం. కానీ అతని ఫోన్ బ్రౌజర్‌లో పొద్దున తీసుకున్న టోకెన్ ఉంది. సాయంత్రం ఇంటినుంచి బిల్లులు తెరిచి చూస్తున్నాడని లాగ్‌లో కనబడింది. మా సర్వర్ ఆ టోకెన్ సంతకం చూసి ప్రతిసారీ సరే అంటోంది. అది అడగాల్సిన చోట అసలు అడగడమే లేదు కదా!

ఆపడానికి మాకు మిగిలింది ఒకటే దారి, సంతకం చేసే కీ మార్చడం. మార్చాం. దాంతో రాత్రి 8 గంటలకు ఆసుపత్రి మొత్తం ఒక్కసారిగా లాగౌట్ అయింది. క్యాజువాలిటీ కౌంటర్‌లో క్యూ ఉండగా పాస్‌వర్డ్‌లు గుర్తురాని నర్సులు మాకు ఫోన్లు చేశారు. ఒక్క మనిషిని ఆపడానికి అందరినీ ఆపాల్సి రావడం నేను మర్చిపోలేను.

బస్ పాస్ మీద తేదీ చూసి కండక్టర్ ఒప్పుకుంటాడు. పొద్దున డిపోలో ఆ పాస్ రద్దు చేశారని అతనికి ఎలా తెలుస్తుంది? జేడబ్ల్యూటీ అంతే. ఇచ్చిన క్షణంలో నిజమైనదాన్ని గడువు తీరేదాకా నిజమని చెబుతూనే ఉంటుంది. ల్యాబ్‌లో రోల్ అంటే స్థిరంగా ఉండేది కాదు. టెక్నీషియన్ సెలవు పెడితే ఇంకొకరికి ఆ పూట ఆ పని అప్పగిస్తారు, సాయంత్రానికి తీసేస్తారు.

వరంగల్_డెవ్

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ అక్కడ తప్పు 24 గంటల గడువుది. రిక్వెస్ట్‌లతో పంపే యాక్సెస్ టోకెన్‌కి 15 నిమిషాలు పెట్టి, అది తీరాక కొత్తది తెచ్చుకోవడానికి రిఫ్రెష్ టోకెన్ విడిగా ఇస్తే సరిపోతుంది. మనిషిని తీసేస్తే అతని రిఫ్రెష్ టోకెన్ రద్దు చేస్తాం. చాలామంది చేసేది ఇదే.

ఎస్‌క్యూఎల్_అక్క

ఆ రిఫ్రెష్ టోకెన్ రద్దయిందో లేదో ఎక్కడ చూస్తావు? డేటాబేస్‌లోనే. అంటే సెషన్ టేబుల్ కట్టినట్టే, పైగా 15 నిమిషాల ఆలస్యం కూడా చేర్చుకున్నట్టే. పెద్ద సంస్థలో పది సర్వీసులకి ఆ ఆలస్యం భరించదగ్గ ఖర్చే, ఒప్పుకుంటాను. ఇక్కడున్నది 40 మంది, ఒకటే సర్వర్. ప్రైమరీ కీతో టేబుల్‌లో ఒక వరుస చదవడానికి పోస్ట్‌గ్రెస్‌కి మామూలుగా మిల్లీసెకను కూడా పట్టదు. ఆ వెంటనే రిపోర్టు కోసం ఎలాగూ అదే డేటాబేస్‌కి వెళ్తున్నారు. అది పడిపోతే టోకెన్ ఎంత బాగా వెరిఫై అయినా చూపించడానికి రిపోర్టే ఉండదు.

ఇంకొకటి. ఈ టోకెన్‌ని బ్రౌజర్‌లో లోకల్ స్టోరేజ్‌లో పెట్టేవాళ్లే ఎక్కువ. పేజీలోకి ఒక్క చెడ్డ స్క్రిప్టు దూరితే దాన్ని చదివి పట్టుకుపోతుంది. కుకీకి హెచ్‌టీటీపీ-ఓన్లీ పెడితే స్క్రిప్టు చదవలేదు. సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లోనే వెళ్లేలా), సేమ్‌సైట్ (వేరే సైట్ల నుంచి వచ్చే రిక్వెస్ట్‌లతో వెళ్లకుండా) కూడా పెట్టండి. లాగిన్ అయిన క్షణంలో సెషన్ ఐడీ తప్పకుండా కొత్తది ఇవ్వండి, ఇది చాలామంది మర్చిపోతారు.

కొత్త_డెవ్

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. రోల్ బట్టి రియాక్ట్‌లో, అంటే బ్రౌజర్‌లో నడిచే స్క్రీన్ కోడ్‌లో, బటన్ కనబడకుండా చేస్తే సరిపోదా? సర్వర్ పంపే 401, 403 ఎర్రర్ కోడ్‌ల తేడా కూడా సరిగ్గా తెలియదు.

వరంగల్_డెవ్

సరిపోదు. బటన్ దాచడం చూసేవాళ్ల సౌకర్యం కోసమే. అడ్రస్ తెలిసినవాళ్లు నేరుగా రిక్వెస్ట్ పంపగలరు, కాబట్టి చెక్ సర్వర్‌లో ఉండాల్సిందే. నువ్వెవరో నాకు తెలియదు అంటే 401. తెలుసు కానీ నీకు ఈ అనుమతి లేదు అంటే 403.

డల్లాస్_తెలుగు

టోకెనా కుకీనా అని ఇంతసేపు మాట్లాడుకున్నాం, కానీ అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. కాకినాడ గారూ, మీ రిపోర్టు లింకు చివర వరుస నంబర్ ఉంటుందా? 4512 తెరిచిన రిసెప్షనిస్టు దాన్ని 4513గా మారిస్తే ఏమవుతుంది? రోల్ చెక్ పాసవుతుంది, ఎందుకంటే ఆమె నిజంగానే రిసెప్షనిస్టు. కానీ ఆ రిపోర్టు రెండో బ్రాంచిది. మీరు సెషన్ పెట్టినా, జేడబ్ల్యూటీ పెట్టినా ఈ తలుపు తెరిచే ఉంటుంది.

వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 ప్రమాదాల జాబితాలో యాక్సెస్ కంట్రోల్ (ఎవరు ఏది చూడొచ్చన్న అదుపు) లోపాలు 5వ స్థానం నుంచి మొదటి స్థానానికి వచ్చాయి. నేను చేసిన కోడ్ రివ్యూల్లో కూడా లాగిన్ గట్టిగా ఉండి, టేబుల్‌లోని ఒక్కో వరుస స్థాయిలో చెక్ లేనివే ఎక్కువ కనిపించాయి.

దీన్ని రోల్స్‌తోనే పరిష్కరిద్దామని మాత్రం చూడకండి. 'రిసెప్షన్ ఒకటో బ్రాంచి', 'రిసెప్షన్ రెండో బ్రాంచి' అని మొదలుపెడితే మూడో బ్రాంచి తెరిచే సరికి రోల్స్ ఎన్ని ఉన్నాయో మీకే లెక్క తెలియదు. ఏ పని చేయొచ్చో రోల్ చెప్పాలి. ఏ వరుస మీద చేయొచ్చో క్వెరీలో బ్రాంచి షరతు చెప్పాలి. రిపోర్టు తెచ్చాక 'ఇతనిదేనా' అని చూడటం కన్నా, తెచ్చే క్వెరీలోనే ఆ షరతు ఉంటే మర్చిపోయే అవకాశం తక్కువ.

రోల్స్ అనే ఆలోచనని 1992లో ఫెరయోలో, కూన్ అనే ఇద్దరు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నుంచి ఒక పద్ధతిగా రాశారు. 2004లో అది అక్కడి జాతీయ ప్రమాణమైంది. అందులో ఒక భాగం మీ ల్యాబ్‌కి సరిగ్గా సరిపోతుంది: ఒకే మనిషి చేతిలో రెండు చివరలూ ఉండకూడదు. ఫలితం ఎక్కించినవాళ్లే దాన్ని ఆమోదించకూడదు. పాథాలజిస్టు అవసరం కొద్దీ తానే ఎక్కించినా, ఆ ఒక్క రిపోర్టుకి ఆమోదం ఇంకొకరు ఇవ్వాలి. రోల్ పేరు చూస్తే ఇది పట్టుబడదు, రిపోర్టు వరుసలో 'ఎక్కించినవారు' అన్న గడి ఉండాలి.

ఎస్‌క్యూఎల్_అక్క

ఇది నేను రాసి ఉండాల్సింది. పూర్తిగా ఒప్పుకుంటున్నాను.

వరంగల్_డెవ్

నేనూ. ఒక డేటాబేస్, ఒక సర్వర్ ఉన్న ఈ సందర్భానికి సెషనే మేలు, ఆ ఒక్క విషయంలో మాట మార్చుకుంటున్నాను. అయితే బయటి కంపెనీ సర్వీసుకి మన తరఫున అనుమతి ఇవ్వాల్సి వస్తే తక్కువ గడువు టోకెనే సరైనదని ఇప్పటికీ అంటాను.

కానీ ఇంకో మాట. రోల్స్, పర్మిషన్లు, వాటిని కలిపే టేబుళ్లు అంటూ ఐదు టేబుళ్లు కట్టకండి. ఎవరికి ఏ రోల్ ఉందో డేటాబేస్‌లో ఉండాలి, అది రోజూ మారేది. ఏ రోల్ ఏం చేయొచ్చో మాత్రం కోడ్‌లో ఒకే ఫైల్‌లో ఉండాలి. మారిస్తే రివ్యూ అవుతుంది, ఎవరు ఎప్పుడు మార్చారో కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో దొరుకుతుంది.

ఎస్‌క్యూఎల్_అక్క

అక్కడ నాకు సగమే ఒప్పుదల. మేనేజరు స్క్రీన్ మీదే మార్చుకుంటానని అడిగే రోజు వస్తుంది. ఇప్పటికి ఫైల్ చాలు. కానీ కోడ్ నిండా 'పాథాలజిస్టేనా' అని అడగకండి, 'రిపోర్టు ఆమోదించగలరా' అని అడగండి. అప్పుడు రేపు ఫైల్‌ని టేబుల్‌గా మార్చినా రూట్లు (ఒక్కో అడ్రస్‌కి వచ్చే రిక్వెస్ట్‌ని చూసే కోడ్) ముట్టుకోనక్కర్లేదు. ఏ పర్మిషనూ రాయని రూట్ ఉంటే అది తెరుచుకోకూడదు, మూసి ఉండాలి.

కాకినాడ_బ్యాకెండ్

అందరికీ చాలా థాంక్స్. రాత్రి లింకులో నంబర్ మార్చి చూశాను. తెరుచుకుంది. నా టీమ్‌మేట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాక టోకెన్ గొడవ మేం మళ్లీ మాట్లాడుకోలేదు.

సెషన్‌ని పోస్ట్‌గ్రెస్‌లో, పాస్‌వర్డ్‌లని ఆర్గాన్2 అనే హ్యాషింగ్ పద్ధతితో పెడుతున్నాం. పర్మిషన్లు ఒకే ఫైల్‌లో. ప్రతి రూట్‌కీ నాలుగు రోల్స్‌తో, రెండు బ్రాంచీలతో టెస్టులు రాస్తున్నాం. ముఖ్యంగా 403 రావాల్సిన చోట 403 వస్తోందా అన్నవి.

ఒక్క చిక్కు మిగిలింది. రాత్రి డ్యూటీలో ఒకే పాథాలజిస్టు ఉంటారు. అత్యవసరంగా రెండో బ్రాంచి రిపోర్టు చూడాల్సి వస్తే ఈ షరతు అడ్డొస్తుంది.

డల్లాస్_తెలుగు

అడ్డు రాకూడదు, పేషెంట్ ప్రాణం ముందు. పాథాలజిస్టుకి విడిగా 'అత్యవసరంగా తెరవడం' అనే పర్మిషన్ ఇవ్వండి. కారణం టైపు చేస్తేనే తెరుచుకోవాలి, ఆ ఒక్క రిపోర్టుకే, గంటసేపే. ఎవరు, ఏ రిపోర్టు, ఎన్ని గంటలకు, ఏ కారణంతో అన్నది లాగ్ టేబుల్‌లో పడాలి. అప్లికేషన్ వాడే డేటాబేస్ యూజర్‌కి ఆ టేబుల్‌లో వరుస చేర్చే హక్కే ఇవ్వండి, మార్చే హక్కు, చెరిపే హక్కు వద్దు. పొద్దున మేనేజరు లాగిన్ అవ్వగానే మొదటి స్క్రీన్ మీద ఆ వరుస కనబడేలా చేయండి.